వంటింటి కత్తులు, మూలికల పొడులు, ముందస్తు ఆర్డర్లు: పేమెంట్ గేట్‌వే వేటికి అడ్డు చెబుతుంది?

సరుకుబుట్ట (ప్రశ్న)

ఒకే సైటులో మూడు రకాల సరుకు పెట్టాలి: వంటింటి కత్తులు, మూలికల పొడులు, ఇంకా అచ్చు కాని పుస్తకాలకు ముందస్తు ఆర్డర్లు. వీటిలో ఏదీ చట్టవిరుద్ధం కాదు. కానీ ఆన్‌లైన్‌లో కార్డు చెల్లింపులు తీసుకుని పంపే గేట్‌వేల నిషేధ జాబితాలు తెరిస్తే ఆయుధాలు, నిరూపణ లేని ఆరోగ్య ఉత్పత్తులు, ఆలస్యంగా అందే సరుకు అనే మాటలు కనిపిస్తున్నాయి. మూడూ ఏదో ఒక గీత పక్కనే ఉన్నట్టుంది.

ఆ గీత గీసేది గేట్‌వేనా, బ్యాంకా? దరఖాస్తు ఆమోదించి, నెలలు గడిచాక ఖాతా ఎందుకు ఆపేస్తారు? ఆపితే లోపలున్న డబ్బు ఎప్పటికి చేతికొస్తుంది? పుస్తకాలకు ఒక ఖాతా, పొడులకు ఇంకో ఖాతా పెడితే మేలా?

అక్వైరర్‌డెస్క్

గీత ఒకరు గీసేది కాదండీ. కార్డు ఇచ్చిన బ్యాంకు, వీసా లేదా మాస్టర్‌కార్డ్ నెట్‌వర్క్, వ్యాపారి తరఫున డబ్బు తీసుకునే అక్వైరింగ్ బ్యాంకు (అక్వైరర్), దాని ముందుండే గేట్‌వే: ఈ నలుగురిలో ఎవరు వద్దన్నా అమ్మకం ఆగుతుంది. నెట్‌వర్క్ వ్యాపారిని నేరుగా శిక్షించదు, అక్వైరింగ్ బ్యాంకుకు జరిమానా వేస్తుంది. మాస్టర్‌కార్డ్‌లో ఈ నిఘా పేరు బ్రామ్, వీసాలో ఇంటిగ్రిటీ రిస్క్ ప్రోగ్రామ్. బ్యాంకు ఆ జరిమానాను ఒప్పందం ప్రకారం గేట్‌వే మీదికి, గేట్‌వే వ్యాపారి మీదికి తోస్తుంది. అందుకే కిందికి వచ్చేకొద్దీ నిబంధన బిగుసుకుంటుంది. పైన 'చట్టవిరుద్ధమైనది వద్దు' అన్న మాట, మధ్యలో 'అనుమానం ఉన్నదీ వద్దు' అవుతుంది, చివరికి ఆ వర్గం మొత్తానికే తలుపు మూస్తారు.

ముందు ఆమోదించి తర్వాత ఆపడానికి కారణం ఖాతా ఇచ్చే పద్ధతిలోనే ఉంది. స్ట్రైప్, పేపాల్ లాంటివి వేలాది వ్యాపారులను తమ గొడుగు కిందికి చేర్చుకుంటాయి. ఖాతా నిమిషాల్లో తెరుచుకుంటుంది, అసలు పరిశీలన డబ్బు కదలడం మొదలయ్యాక జరుగుతుంది. కాబట్టి ఖాతా తెరుచుకుంది అంటే సరుకుకు ఆమోదం దొరికిందని కాదు. బ్యాంకు దగ్గర నేరుగా తీసుకునే మర్చంట్ అకౌంట్‌కు కాగితాలు ఎక్కువ, సమయం ఎక్కువ, కానీ ప్రశ్నలన్నీ ముందే అడుగుతారు. గీత పక్కనున్న సరుకుకు నా సలహా రెండోదే. మొదటి దారిలోనే వెళ్లాలంటే, ఏయే వస్తువులు అమ్ముతారో లింకులతో సహా సపోర్టుకు రాసి, జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఫోనులో వచ్చిన 'సరే' రేపు ఎక్కడా కనిపించదు.

ఎంసీసీ అనే నాలుగంకెల వ్యాపార కోడ్‌ను కూడా చూసుకోండి. 7995 పందేలకు, 5912 మందుల దుకాణాలకు, 5815 డిజిటల్ పుస్తకాలు, సంగీతం లాంటి వాటికి. కోడ్ ఇచ్చేది అక్వైరర్, కానీ దరఖాస్తులో మీరు రాసిన వాక్యాన్ని చూసే ఇస్తారు. 'హెల్త్ ప్రొడక్ట్స్' అని ముక్తసరిగా రాస్తే ఏ బుట్టలో పడతారో చెప్పలేం. 'వంటకు, టీకి వాడే ఎండు మూలికల పొడులు, చిల్లర అమ్మకం' అని రాయండి, అది నిజమైతేనే.

రెండు ఖాతాల సంగతి: ఒకే సంస్థ పేరు మీద, రెండిటి గురించీ అక్వైరర్‌కు చెప్పి తీసుకుంటే తప్పేమీ లేదు. చెప్పకుండా పొడుల అమ్మకాన్ని పుస్తకాల ఖాతా గుండా పంపితే అది ట్రాన్సాక్షన్ లాండరింగ్. పట్టుబడితే మాస్టర్‌కార్డ్ నడిపే మ్యాచ్ జాబితాలో (ఖాతా రద్దైన వ్యాపారుల పట్టికలో) పేరు ఎక్కుతుంది, అక్కడ 5 ఏళ్లు ఉంటుంది. తీయించగలిగేది దాదాపు ఎప్పుడూ ఎక్కించిన అక్వైరర్ ఒక్కరే. కొత్త బ్యాంకు దరఖాస్తు చూసేటప్పుడు మొదట తెరిచేది ఆ జాబితానే.

రిస్క్‌పత్రం

పై జవాబుకు కొనసాగింపుగా, ఉత్పత్తి పేజీ గురించి. నూటికి తొంభై తగాదాలు సరుకు వల్ల కాదు, పేజీలో రాసిన మాటల వల్ల వస్తాయన్నది నా అభిప్రాయం.

మూలికల పొడి వంటసరుకు. 'షుగర్ తగ్గిస్తుంది' అని రాసిన మరుక్షణం అది ఆమోదం లేని ఔషధం. స్ట్రైప్ నిషేధ జాబితాలో ఇదే ఉంటుంది: నియంత్రణ సంస్థ ఆమోదించని ఆరోగ్య ప్రయోజనాలు చెప్పుకునే ఉత్పత్తులు. తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ ఉత్పత్తి పేజీ దగ్గర ఆగదు. బ్లాగు పోస్టులు, కస్టమర్ రివ్యూలు, బొమ్మల వెనకుండే ఆల్ట్ టెక్స్ట్, మెటా ట్యాగులు, పాత పేజీలు అన్నీ చదువుతుంది. పేజీలో ఆ మాట తీసేసి 'మా అమ్మకు కీళ్ల నొప్పులు పోయాయి' అన్న రివ్యూను పైన పిన్ చేస్తే ఫలితం అదే. ప్రతి పొడికీ మొక్క శాస్త్రీయ నామం, బ్యాచ్ నంబరు, ప్రయోగశాల పరీక్ష నివేదిక సిద్ధంగా ఉంచండి. అడిగినప్పుడు వెతుక్కుంటే గడువు దాటిపోతుంది.

ఇంకో మాట. ఉచిత శాంపిల్ ఇచ్చి, ఆపైన నెలనెలా కార్డు నుంచి కోసే పద్ధతి పెట్టకండి. ఆరోగ్య ఉత్పత్తుల రంగానికి చెడ్డపేరు తెచ్చింది అదే. భౌతిక సరుకు ట్రయల్ ముగిశాక డబ్బు తీసేముందు కార్డుదారు అంగీకారం తీసుకోవాలని మాస్టర్‌కార్డ్ 2019లో నిబంధన పెట్టింది.

కత్తుల విషయంలో భయపడాల్సినంత లేదు. పేపాల్ విధానంలో ఉన్నది చట్టం నియంత్రించే కొన్ని ఆయుధాలు, కత్తుల గురించి. కూరగాయల కత్తి అందులోకి రాదు. కానీ 'టాక్టికల్', 'ఆత్మరక్షణ' లాంటి మాటలు, చేతిలో కత్తి ఎత్తి పట్టుకున్న బొమ్మలు యంత్రాన్ని తప్పుదారి పట్టిస్తాయి. కత్తి పొడవు, లోహం, వాడుక రాయండి. బొమ్మలో పక్కన కూరగాయలు కోసే పలక ఉంటే చాలు.

సరుకుబుట్ట

స్పష్టంగా ఉంది, ఇద్దరికీ ధన్యవాదాలు. ముందస్తు ఆర్డర్ల గురించి ఎవరూ చెప్పలేదు. డబ్బు పట్టి ఉంచడం గురించి కూడా.

రిస్క్‌పత్రం

మూడిట్లో రిస్క్ బృందాన్ని నిజంగా కలవరపెట్టేది ముందస్తు ఆర్డర్లేనండీ. సరుకు అందలేదని కార్డుదారు చార్జ్‌బ్యాక్ వేయడానికి (అంటే తన బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి రప్పించుకోవడానికి) మామూలు గడువు 120 రోజులు, అది డెలివరీ ఇస్తామన్న తేదీ నుంచి మొదలవుతుంది. గరిష్ఠ హద్దు కొనుగోలు రోజు నుంచి 540 రోజులు. పుస్తకం 8 నెలల తర్వాత అన్నారంటే, ఆ డబ్బు ఏడాది దాకా ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు. మీరు ఈలోపు దాన్ని ప్రింటర్‌కు కట్టేసి చేతులెత్తేస్తే నష్టం గేట్‌వేది. అందుకే రిజర్వ్ పెడతారు, అంటే అమ్మకం డబ్బులో కొంత పట్టి ఉంచుతారు.

రోలింగ్ రిజర్వ్ లెక్క చూడండి. ప్రతి రోజు అమ్మకంలో 10 శాతం, 180 రోజులు పట్టి ఉంచుతామన్నారనుకుందాం. రోజుకు 100 అమ్మితే 10 చొప్పున 180 రోజులకు 1,800 లోపలే ఉండిపోతుంది. అంటే 18 రోజుల మొత్తం అమ్మకం ఎప్పుడూ మీ చేతిలో ఉండదు. లాభం 10 శాతం కంటే తక్కువైతే మొదటి ఆరు నెలలూ చేతి డబ్బు పెట్టి నడపాలి. ఖాతా మూసేసినా డబ్బు తరచుగా 180 రోజుల దాకా ఆపుతారు, కారణం అదే 120 రోజుల గడువు, దాని మీద కొంత వెసులుబాటు.

దీనికి మందు: ఆర్డర్ రోజున కార్డు వివరాలు దాచి, పుస్తకం పంపే రోజునే డబ్బు తీయండి. అది కుదరకపోతే చిన్న అడ్వాన్సు ఇప్పుడు, మిగతాది పంపేటప్పుడు. కార్డు మీద డబ్బును 'హోల్డ్' చేసి నెలల తరబడి ఉంచుదామనుకోకండి, ఆ హోల్డ్‌కు బ్యాంకు ఇచ్చే అనుమతికి (ఆథరైజేషన్) రోజుల్లోనే కాలం చెల్లిపోతుంది.

చార్జ్‌బ్యాక్ శాతం కూడా మీరు అనుకున్నట్టు లెక్కపెట్టరు. మాస్టర్‌కార్డ్ ఈ నెల చార్జ్‌బ్యాక్‌లను పోయిన నెల లావాదేవీలతో భాగిస్తుంది. 100 చార్జ్‌బ్యాక్‌లు, 1.5 శాతం రెండిటికీ చేరితే చార్జ్‌బ్యాక్‌లు అతిగా ఉన్న వ్యాపారి కింద లెక్క. మొదటి నెల 8,000 లావాదేవీలు, రెండో నెల 4,000 జరిగి, మూడో నెలలో 100 చార్జ్‌బ్యాక్‌లు వచ్చాయనుకోండి. అవన్నీ మొదటి నెల అమ్మకాలవే అయినా శాతం 1.25 కాదు, 2.5. జోరుగా అమ్మకాలు సాగిన నెల తర్వాత ఖాతాలు ఆగిపోయేది ఇందుకే.

కస్టమర్ ఫిర్యాదు చేసిన వెంటనే రిఫండ్ ఇవ్వండి. చార్జ్‌బ్యాక్ నమోదయ్యాక విడిగా రిఫండ్ ఇస్తే డబ్బు రెండుసార్లు పోతుంది, లెక్కలో ఆ చార్జ్‌బ్యాక్ అలాగే ఉంటుంది. స్టేట్‌మెంట్‌లో కనిపించే పేరు సంస్థ రిజిస్టర్ పేరు కాకుండా సైటు పేరు ఉండేలా పెట్టించుకోండి. స్ట్రైప్‌లో 22 అక్షరాల హద్దు ఉంది. గుర్తుపట్టని పేరు చూసి వేసే చార్జ్‌బ్యాక్‌లు దీంతోనే చాలా తగ్గుతాయి.

స్వేచ్ఛాపక్షం

పైవన్నీ పనికొచ్చే మాటలే. కానీ దీన్నంతా రిస్కు లెక్కగా మాత్రమే చూడటం నాకు సమ్మతం కాదు. చట్టం ఒప్పుకున్న అమ్మకాన్ని, కోర్టు తీర్పు లేకుండా, కారణం కూడా చెప్పకుండా ఆపగల అధికారం కొద్ది సంస్థల చేతిలో ఉంది. 2010 డిసెంబరులో రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్‌కు విరాళాలను పేపాల్, వీసా, మాస్టర్‌కార్డ్ ఆపేశాయి. 2012లో స్మాష్‌వర్డ్స్ అనే ఈ-పుస్తకాల వేదికను కొన్ని రకాల శృంగార కథలు తీసేయమని పేపాల్ ఒత్తిడి చేసింది. రచయితలు, పౌరహక్కుల సంస్థలు గట్టిగా వ్యతిరేకించాక మార్చిలో వెనక్కి తగ్గి, వర్గం మొత్తాన్ని కాక ఒక్కో పుస్తకాన్నే చూస్తానంది.

2025 జులైలో చెల్లింపు సంస్థల నిబంధనల పేరుతో స్టీమ్ అనే గేముల దుకాణం కొన్ని అడల్ట్ గేములను తీసేసింది, ఇచ్.ఐఓ అనే మరో గేముల సైటు ఆ తరహా వాటిని వెతుకులాటలో కనపడకుండా చేసింది. మాస్టర్‌కార్డ్ తాము ఏ గేమునూ పరిశీలించలేదని, ఆంక్షలేవీ కోరలేదని ప్రకటించింది. స్టీమ్‌ను నడిపే వాల్వ్ మాత్రం చెల్లింపులు నడిపే ప్రాసెసర్లు, అక్వైరింగ్ బ్యాంకుల ద్వారా మాట వచ్చిందని, మాస్టర్‌కార్డ్ 5.12.7 నిబంధనను చూపించారని చెప్పింది. ఆ నిబంధన చట్టవిరుద్ధమైన వాటితోపాటు బ్రాండ్‌కు చెడ్డపేరు తెచ్చే వాటినీ కలుపుతుంది. చూడండి, గొలుసులో ప్రతి ఒక్కరూ పక్కవారిని చూపిస్తారు, సృష్టికర్తకు ప్రశ్న అడగడానికి చిరునామా దొరకదు. పుస్తకాలు అమ్మేవారు ఈ సంగతి తెలుసుకునే అడుగు వేయాలి. అభ్యంతరం వస్తే ఏ నిబంధన, దాని సంఖ్య, ఏ పేజీ, పెట్టింది ఎవరు అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోయినా ఆ ఉత్తరం తర్వాతి ఫిర్యాదుకు ఆధారం.

గేట్‌వే_కోడ్

కొనేవారు డబ్బు కట్టేటప్పుడు వచ్చే చిక్కుల గురించి రెండు ముక్కలు. చెల్లింపు విఫలమైతే ముందు కార్డు బ్యాంకు పంపే తిరస్కరణ కోడ్ చూడండి. 51 అంటే ఖాతాలో డబ్బు లేదు. 57 అంటే ఆ కార్డుకు ఈ రకం లావాదేవీ అనుమతి లేదు. 58 అంటే అడ్డంకి వ్యాపారి వైపు ఉంది. 57, 58లకు మళ్లీమళ్లీ ప్రయత్నించే స్క్రిప్టు రాయకండి, ఎన్నిసార్లు పంపినా అదే జవాబు, పైగా మోసపు ప్రయత్నంలా కనిపిస్తుంది. 57 ఎక్కువగా వస్తుంటే మీ ఎంసీసీ తప్పుగా పడిందేమో అక్వైరర్‌ను అడగండి. 58 అయితే ఖాతా అమరికలే చూడాలి.

రెండోది, కొన్ని దేశాల మీద ప్రభుత్వాలు పెట్టిన ఆంక్షల తనిఖీ. లావాదేవీ వివరణలో క్యూబా, ఇరాన్ లాంటి పేర్లుంటే యంత్రం దాన్ని పక్కన పెట్టవచ్చు, అది చరిత్ర పుస్తకమైనా సరే. వివరణ గడిలో పుస్తకం పేరు కాకుండా ఆర్డర్ నంబరు పంపండి. ఆగిపోతే ఇన్‌వాయిస్, ఐఎస్‌బీఎన్ పంపితే మనిషి చూసి వదులుతారు. ఎవరైనా సరుకు గురించి అడిగితే మాత్రం పూర్తిగా చెప్పండి, దాచడం వేరు.

చివరగా, కార్డు వివరాలు దాచే పద్ధతి ఎంచుకుంటే ఒప్పందంలో ఒక షరతు చూడండి: ఖాతా మూసినా దాచిన కార్డు వివరాలను పీసీఐ డీఎస్‌ఎస్ లెవెల్ 1 (కార్డు వివరాల భద్రతకు అత్యున్నత స్థాయి ధ్రువీకరణ) ఉన్న మరో ప్రొవైడర్‌కు బదిలీ చేస్తారా? స్ట్రైప్ చేస్తుంది. చేయని చోట, ముందస్తు ఆర్డర్ ఇచ్చిన ప్రతి పాఠకుడినీ మళ్లీ కార్డు నంబరు అడగాల్సి వస్తుంది. ఆర్డర్లు, చిరునామాలు, డెలివరీ రుజువులను వారానికోసారి గేట్‌వే బయట మీ దగ్గర దాచుకోండి. ఖాతా స్తంభించిన రోజు డ్యాష్‌బోర్డ్ కూడా తెరుచుకోకపోవచ్చు, చార్జ్‌బ్యాక్‌లకు జవాబిచ్చే గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది.