మెడ మీద వేరే కంపెనీ పేరున్న పాత గ్యాస్ బండ ఎవరిది? నింపించుకోవచ్చా?

ఆటోనగర్ వెల్డర్:
నేను విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్నాను. మా పక్క షెడ్డు పెద్దాయన చూపు తగ్గి పని మానేశారు. ఆయన దగ్గర కటింగ్ సెట్టు, రెండు ఆక్సిజన్ బండలు, ఒక డీఏ (ఎసిటిలీన్ గ్యాసు) బండ కొన్నాను. డబ్బు మొత్తం ఇచ్చేసి తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నాను.

ఆక్సిజన్ అయిపోయాక రెండు బండలూ నేనెప్పుడూ నింపించే ప్లాంటుకి తీసుకెళ్తే ఒకటి తీసుకున్నారు, రెండోది పక్కన పెట్టేశారు. దాని మెడ దగ్గర వేరే గ్యాస్ కంపెనీ అక్షరాలు పంచ్ కొట్టి ఉన్నాయి. డీఏ బండ మీద కూడా అవే అక్షరాలు. "ఇవి మీవి కావు, మేం నింపం" అన్నారు. ఊరి చివర ఇంకొకాయన మాత్రం పేరూ ఊరూ అడగకుండా నింపి ఇస్తానంటున్నాడు.

పెద్దాయన ఇరవై ఏళ్ళకు పైగా వాడిన బండలవి. డిపాజిట్ కట్టానంటున్నారు గానీ రసీదు దొరకలేదు. డబ్బు పెట్టి కొన్న నాకు వాటి మీద హక్కు లేదా? తెలిసినవాళ్ళు చెప్పండి. వారం నుంచి ఇదే టెన్షన్.

గేట్లు గ్రిల్స్ తెనాలి:
నీదే అన్నా, అనుమానమే అక్కర్లేదు. ఇరవై ఏళ్ళు బాడుగ కట్టినాయన ఆ బండ ఖరీదు ఎన్నిసార్లు కట్టి ఉంటాడో లెక్క వేసుకో. ఇన్నేళ్ళలో కంపెనీ వాడు ఒక్కసారైనా వచ్చి "నా బండ ఏది" అని అడిగాడా? ప్లాంటు వాళ్ళు ఇలా తిప్పి పంపేది మనం వాళ్ళ దగ్గరే డిపాజిట్ కట్టి వాళ్ళ బండలే బాడుగకి తీసుకోవాలని. పని లేని రోజు కూడా బాడుగ ఎక్కుతుంది. వానల్లో మూడు వారాలు షెడ్డు మూసేసినా ఎక్కుతుంది. సొంత బండ ఉంటే ఆ భారం తప్పుతుందనేగా నువ్వు కొన్నది.

ప్లాంటు సూపర్‌వైజర్:
నేను ఫిల్లింగ్ ప్లాంటులో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. బండని తిప్పి పంపేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి కారణం చెప్పాల్సిన బాధ్యత నా మీద ఉంది.

ముందు బండ మెడ మీద ఏముంటుందో చూడండి. గ్యాస్ సిలిండర్ల నిబంధనలు, 2016 ప్రకారం తయారుచేసినవాళ్ళ గుర్తు, యజమాని గుర్తు, ఇన్‌స్పెక్టర్ గుర్తు, బండ నంబరు వరసగా పంచ్ కొట్టి ఉండాలి. ఆ తర్వాత ఖాళీ బరువు, నీటి పరిమాణం, పని ఒత్తిడి, పరీక్ష ఒత్తిడి, ఆఖరిసారి నీటితో పరీక్ష చేసిన తేదీ. అంటే యజమాని పేరు అక్కడ కంపెనీ గొప్ప కోసం కొట్టింది కాదు. ఆ బండ బతికున్నన్నాళ్ళూ దాని చరిత్ర రాసి ఉంచాల్సిన మనిషి ఎవరో అది చెబుతుంది. ఎప్పుడు తయారుచేశారు, ఏ పరీక్షలో నెగ్గింది, ఏం మార్చారు, అన్నీ ఆయన పుస్తకంలో ఉండాలి.

ఆక్సిజన్ బండకి మామూలుగా ఐదేళ్ళకోసారి ఆ నీటి పరీక్ష, అంటే హైడ్రో టెస్ట్ జరగాలి. పెద్ద బండ నీటి పరిమాణం 46.7 లీటర్లు. అందులో సుమారు 150 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 150 రెట్లు) ఒత్తిడితో 7 ఘనపు మీటర్ల ఆక్సిజన్ కూరుతాం. తుప్పు తిని గోడ పలచబడిన బండ బయటికి నల్ల రంగు వేసుకుని కొత్తదానిలాగే మెరుస్తుంది.

నాకు దీనికన్నా ఎక్కువ భయం ఇంకొకటుంది. ఇప్పుడు చాలా షెడ్లలో కటింగుకి డీఏ బదులు ఎల్‌పీజీ వాడుతున్నారు. ఆక్సిజన్ చివరికొచ్చి ఒత్తిడి పడిపోయినప్పుడు కటింగ్ టార్చి దగ్గర రెండు వాల్వులూ తెరిచి ఉంటే, ఎల్‌పీజీ హోస్ పైపులోంచి వెనక్కి నడిచి ఆక్సిజన్ బండలోకి వెళ్ళగలదు. వెనక్కి పోకుండా ఆపే వాల్వు రెండు మూడు వందల వస్తువు, చాలామంది పెట్టుకోరు. ఆ బండ మా దగ్గరికొస్తే లోపల ఇంధనం ఉందని ఎవరికీ తెలియదు. దాని మీదకి 150 బార్ ఆక్సిజన్ ఎక్కిస్తే పేలేది మా ప్లాంటులోనే. పక్కన నిలబడి ఉండేది ఇరవై రెండేళ్ళ హెల్పర్ కుర్రాడు.

అందుకే బండ ఎవరిది, ఎవరి చేతుల్లో తిరిగి వచ్చింది అని అడుగుతాం. ఊరి చివరాయన ఏమీ అడగకుండా ఎలా నింపుతున్నాడో ఒకసారి కళ్ళారా చూడండి. పెద్ద బండ నుంచి పైపు పెట్టి ఇంకో బండలోకి దింపుతుంటే మాత్రం అక్కణ్ణించి వచ్చేయండి.

గేట్లు గ్రిల్స్ తెనాలి:
సూపర్‌వైజర్ గారూ, మీరు చెప్పిన భయం నిజమే, కాదనను. కానీ అది పరీక్ష గురించి. హైడ్రో టెస్ట్ చేయించి, లోపల శుభ్రం చేయించి, బిల్లు చేతిలో పెట్టుకుని వస్తే అప్పుడైనా నింపుతారా? నింపరు. ఎందుకంటే పేరు వేరు. అంటే మీ అభ్యంతరం ప్రమాదం గురించి ఒక్కటే కాదు, రెంటినీ కలిపి మాట్లాడకండి.

ప్లాంటు సూపర్‌వైజర్:
మీరు పట్టుకున్నది సరైన పాయింటే. రెండూ వేరు ప్రశ్నలు. టెస్ట్ అయిన బండని కూడా వేరే యజమాని గుర్తుంటే ఆయన రాతపూర్వక అంగీకారం లేనిదే మా ప్లాంటు నింపదు. రేపు ఆ బండ ఏదైనా చేస్తే యజమాని "నేను నింపమనలేదే" అంటాడు, అప్పుడు నేను చూపించడానికి కాగితం ఉండదు. అదే సొంత బండ కొని, బిల్లు, టెస్ట్ సర్టిఫికెట్ తెచ్చే వెల్డర్లవి మేం రోజూ నింపుతూనే ఉన్నాం.

గుంటూరు వకీలు:
చట్టం వరకు నాకు తెలిసింది చెబుతాను. గ్యాస్ కంపెనీ బండని డిపాజిట్ తీసుకుని ఇచ్చిందంటే అమ్మినట్టు కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్ చెప్పే పద్ధతి అది. వస్తువు వాడుకోవడానికి ఇస్తారు, పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత 160వ సెక్షన్‌లో ఉంది. బాడుగ ఎంతకాలం కట్టినా అది బాడుగే. ఇరవై ఏళ్ళు అద్దె కట్టినంత మాత్రాన ఇల్లు మనదవుతుందా?

ఇక అమ్మకం సంగతి. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 27వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదు. కొన్ని మినహాయింపులున్నాయి గానీ, బాడుగ బండని వెల్డర్ ఇంకో వెల్డర్‌కి అమ్మితే అవి పనికొస్తాయని నేననుకోను. పెద్దాయన చెడ్డవాడని కాదు, తనదేననుకునే అమ్మి ఉంటారు. కానీ మెడ మీద కంపెనీ అక్షరాలు కనిపిస్తుండగా ఇకముందు మీరు "నాకు తెలియదు" అనలేరు. తెలిసీ అట్టిపెట్టుకుంటే మాట భారతీయ న్యాయ సంహిత దాకా పోవచ్చు. 317వ సెక్షన్ దొంగసొత్తు గురించే. అక్కడిదాకా తెచ్చుకోకండి.

ఇంకో మాట. "ఆ పేరుతో ఇప్పుడు కంపెనీయే లేదు" అని చాలామంది వాదిస్తారు. పేరు మారితే ఆస్తి గాల్లో కలవదు. ఇండియన్ ఆక్సిజన్ 1990లో బీఓసీ ఇండియా అయింది, 2013లో లిండే ఇండియా అయింది. పాత పేరుతో ఉన్న ఆస్తులన్నీ కొత్త పేరు కిందకే వచ్చాయి. మీ బండ మీదున్నది అదేనని కాదు, విషయం అర్థం కావడానికి చెప్పాను.

ఐటీఐ మాస్టారు:
అందరూ ఆక్సిజన్ గురించే మాట్లాడుతున్నారు. నాయనా, నాకు నీ డీఏ బండ గురించి దిగులుగా ఉంది.

డీఏ బండ ఖాళీ డబ్బా కాదు. లోపల స్పాంజి లాంటి సచ్ఛిద్ర పదార్థం నిండా ఉంటుంది, అందులో అసిటోన్ అనే ద్రవం ఇంకి ఉంటుంది, ఎసిటిలీన్ ఆ అసిటోన్‌లో కరిగి కూర్చుంటుంది. ఎందుకింత ఏర్పాటంటే, ఎసిటిలీన్‌ని విడిగా గట్టిగా నొక్కితే గాలి లేకుండానే తనంతట తాను విడిపోయి పేలుతుంది. వాడుతున్నకొద్దీ కొంచెం కొంచెం అసిటోన్ కూడా గ్యాసుతో బయటికి పోతుంది. బండని పడుకోబెట్టి వాడినా, తొందరపడి ఎక్కువ గ్యాసు లాగినా ఇంకా ఎక్కువ పోతుంది. అందుకే నింపే ముందు బరువు తూచి, ఖాళీ బరువుతో పోల్చి, తగ్గిన అసిటోన్ కలపాలి. లోపలి పదార్థం కుంగి ఖాళీ ఏర్పడిందేమో చూడాలి. ఇవన్నీ ఎసిటిలీన్ ప్లాంటులో తప్ప బయట జరిగే పనులు కావు.

ముప్ఫై ఏళ్ళు పిల్లలకు గ్యాస్ వెల్డింగ్ నేర్పాను. మెరూన్ రంగు బండ చూపించి మొదటి రోజు చెప్పేది ఒకటే: దీన్ని నిలబెట్టి ఉంచండి, వేడి తగలనివ్వకండి, దీని లైనుకి రాగి గొట్టం వాడకండి. రాగితో ఎసిటిలీన్ కలిస్తే ముట్టుకుంటేనే పేలే పదార్థం తయారవుతుంది. ఏమీ అడగకుండా నింపుతానన్నాయన డీఏ కూడా నింపుతానంటే ఆయనకి ఈ సంగతులేవీ తెలియవని అర్థం.

పాత ఇనుము వ్యాపారి:
మా దగ్గరికీ ఇలాంటి బండలు వస్తుంటాయి. ఎవరూ నింపకపోతే తుక్కు కింద కోసేయొచ్చా? ఒక్కోటి యాభై కిలోలకు పైనే తూగుతుంది.

ఐటీఐ మాస్టారు:
వద్దు బాబూ, దయచేసి ముట్టుకోవద్దు. వాల్వు తెరిస్తే గ్యాసు రానంత మాత్రాన డీఏ బండ ఖాళీ అయినట్టు కాదు. అసిటోన్ లోపలే ఉంటుంది, టార్చి పెడితే అంటుకుంటుంది. పాత బండల్లో కొన్నింటి లోపలి పదార్థంలో ఆస్బెస్టాస్ కూడా ఉండేది, ఆ దుమ్ము మీ పనివాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పనికిరాదని తేల్చిన బండని మళ్ళీ అతికించడానికి వీల్లేకుండా చదును చేయాలనో ముక్కలు చేయాలనో నిబంధన ఉంది గానీ, అది తుక్కు కొట్టులో చేసే పని కాదు.

బాలానగర్ యూనిట్:
రెండో వైపు నుంచి నేనొకటి చెప్పాలి. మాది హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న యూనిట్. మా సొంత బండలు, మా అక్షరాలు కొట్టించుకున్నవి. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో వేవ్ గుర్తుంది కదా. పరిశ్రమలకు ఆక్సిజన్ ఆపేసి ఆసుపత్రులకు మళ్ళించారు. విశాఖ స్టీల్ ప్లాంటు నుంచి రైల్లో ద్రవ ఆక్సిజన్ మహారాష్ట్రకు పోయింది. బండల కోసం జనం ఏడ్చిన రోజులవి. మా బండలు అడిగితే సంతోషంగా ఇచ్చాం, ఇప్పుడైనా ఇస్తాం.

కానీ అందులో నాలుగు తిరిగి రాలేదు. పోయిన ఏడాది ఒకటి వేరే షెడ్డులో నా కంటపడింది. మెడ మీద మా అక్షరాలు గ్రైండర్‌తో అరగదీసి ఉన్నాయి. "కొన్నానండీ" అన్నాడు ఆ అబ్బాయి. కొన్నాడు, నిజమే. నాది కూడా నిజమే. గ్రైండర్ పెట్టిన చోట గోడ మందం తగ్గిందని అతనికి తెలియదు. నాకు బండ పోయిన బాధకన్నా ఆ గీతలు చూసినప్పుడు వేసిన భయమే ఎక్కువ.

హ్యూస్టన్ గ్యారేజ్:
నేను ఇక్కడ ఇంట్లో సరదాగా టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ గ్యాసు వాడి కరెంటుతో చేసేది) చేస్తాను. అమెరికాలోనూ ఇదే గొడవ. యజమాని నింపిందో, ఆయన అంగీకారంతో నింపిందో అయితే తప్ప బండని రవాణాకి ఇవ్వకూడదని రవాణా శాఖ నిబంధన ఉంది. నేను పాత సామాన్ల అమ్మకంలో ఒక ఆర్గాన్ బండ చవగ్గా కొన్నాను. షాపు వాళ్ళు మెడ రింగు మీద పేరు చూసి "ఇది ఫలానా కంపెనీది" అని తిప్పి పంపారు. తర్వాత బిల్లుతో కొత్తది కొన్నాను. అప్పటినుంచి ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకుంటున్నాను, బాడుగ లేదు. నేను మొదట కొన్నదే నా చేతికి రాదు, కానీ లెక్కలో నాకో బండ ఉంటుంది. అలాంటి పద్ధతి మన దగ్గర చిన్న షెడ్లకి విరివిగా దొరికితే బాగుండును.

గేట్లు గ్రిల్స్ తెనాలి:
గ్రైండర్ సంగతి చదివాక నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. అన్నా, ఆ బండ నీది కాదు. కానీ ఒక్క విషయంలో నేను తగ్గను. డిపాజిట్ రసీదు మీద బండ నంబరు రాయరు. ఎన్ని రోజుల తర్వాత బాడుగ ఎక్కుతుందో రాయరు. బండ తిరిగిస్తే డిపాజిట్ ఎప్పుడిస్తారో అస్సలు రాయరు. నంబరు పంచ్ కొట్టడం చేతనైన వాళ్ళకి అదే నంబరు కాగితం మీద రాయడం కష్టమా? పెద్దాయన చేతిలో ఆ ఒక్క కాగితం ఉంటే ఈ అన్న డబ్బు పోయేది కాదు.

ప్లాంటు సూపర్‌వైజర్:
ఒప్పుకుంటున్నాను. మా ప్లాంటులో చలానా మీద నంబరు రాస్తాం, డిపాజిట్ రసీదు మీద రాయం. మేనేజర్ గారితో మాట్లాడతాను.

ఆటోనగర్ వెల్డర్:
అందరికీ దండాలు. నిన్న ఊరి చివరాయన దగ్గరికి వెళ్ళి చూశాను. సూపర్‌వైజర్ గారు చెప్పినట్టే, పెద్ద బండ నుంచి పైపు. ఒత్తిడి చూసే గేజి అద్దం పగిలి ఉంది. మాట్లాడకుండా వచ్చేశాను.

పెద్దాయన్ని వెంటబెట్టుకుని కంపెనీ డీలర్ దగ్గరికి వెళ్ళాను. రెండు బండల నంబర్లు వాళ్ళ పుస్తకంలో ఉన్నాయి, ఆయన పేరు మీదే. చాలా ఏళ్ళ బాడుగ బాకీ చూపించారు. పెద్దాయన ముఖం పాలిపోయింది. గంటసేపు మాట్లాడాక, బండలు అప్పగిస్తే బాకీ వదిలేస్తామని, డిపాజిట్ మాత్రం ఇవ్వలేమని అన్నారు. బండలు దించి, నంబర్లు వేయించి అందినట్టు కాగితం రాయించుకున్నాం. పెద్దాయన నా డబ్బులో సగం అప్పుడే తిరిగిచ్చారు. మిగతాది నేను అడగదలచుకోలేదు.

మూడోది, అంటే ప్లాంటు వాళ్ళు తీసుకున్న ఆక్సిజన్ బండ మీద పెద్దాయన షెడ్డు అక్షరాలే ఉన్నాయి, పాత బిల్లు కూడా ఆయన పెట్టెలో దొరికింది. హైడ్రో టెస్ట్ గడువు ఆరు నెలల్లో అయిపోతుంది, ఇప్పుడే చేయించేస్తాను. యజమాని గుర్తు నా పేరుకి మార్పించాలంటే ఏ కాగితాలు కావాలో సూపర్‌వైజర్ గారు చెప్తే అవి కూడా ఒకేసారి పట్టుకెళ్తాను. ఎల్‌పీజీ లైనుకి, ఆక్సిజన్ లైనుకి వెనక్కి పోకుండా ఆపే వాల్వులు ఈ పొద్దున్నే బిగించాను.