అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల వైఫై స్పీకర్ 230లో పెట్టేశారు. ఇంట్లో విప్పి బాగుచేసుకోవచ్చా, ముట్టుకోకూడదా?

రాజమండ్రి_రాగం:
అందరికీ నమస్తే. మా అక్కా వాళ్ళు న్యూజెర్సీ నుంచి సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక వైఫై స్పీకర్ తెచ్చారండి, అక్కడ ఐదొందల డాలర్ల పైమాటే. అడుగున స్టిక్కర్ మీద 120 వోల్ట్స్, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంది, 100-240 అని లేదు. అది చూసుకోకుండా ట్రావెల్ అడాప్టర్ తగిలించి గోడ ప్లగ్గులో పెట్టేశారు, టప్ మని చప్పుడు, కాలిన వాసన, అంతే, ఇక లైటు కూడా రాలేదు. బ్యాటరీ లేని మోడల్, కరెంటు వైరు నేరుగా లోపలికే వెళ్తుంది, బయట అడాప్టర్ బ్రిక్ లాంటిదేం లేదు. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్లో అడిగితే ఇది ఇండియాలో అమ్మిన పీసు కాదు మేం తెరవం, పాతది ఇచ్చేస్తే కొత్తదాని మీద కొంత తగ్గిస్తాం అన్నారు. నాకు సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ ఉంది, యాంప్లిఫయర్ కిట్లు కొన్ని చేశాను. బావగారేమో ఇంత ఖరీదైంది నువ్వు విప్పితే ఇక ఎవరూ బాగుచేయరు అంటున్నారు. మీరేమంటారు?

కోఠి_పోరడు:
ఇప్పు అన్నా, ఏం కాదు. టప్ మన్నదంటే ఖుషీ అవ్వు. 120 బోర్డు మీద 230 పడితే ముందుగాల పోయేది ఎంఓవీ, అంటే ఎక్కువ వోల్టేజీని ఆపే పార్టు, గది షార్ట్ అయి ఫ్యూజుని తెంపుతది, దాని డ్యూటీనే అది. ఫ్యూజ్ పక్కన నీలం రంగు బిళ్ళ ఉంటది చూడు, పగిలి నల్లగ అయి ఉంటది. అమెరికా బోర్డులల్ల 14డి201కె అసొంటి నంబర్ ఉంటది, 130 వోల్ట్స్ ఏసీ దాకనే దాని తాకత్. ఫ్యూజ్, ఎంఓవీ రెండు కలిపి మా కోఠి గుజరాతీ గల్లీల చాయ్ బిస్కట్ పైసలే. అమెరికా సామాన్లు మాకు వస్తనే ఉంటయి, సౌండ్‌బార్లు, గేమ్ డబ్బాలు, శానా వాటికి రోగం గింతే. గీ దానికోసం కొత్తది కొనుమంటరా వాళ్ళు?

విశ్రాంత_ఏఈ:
ఆ మాటలు నమ్మి స్క్రూడ్రైవర్ పట్టుకోకండి బాబూ. నేను కరెంటు శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. 230 అని మనం చెప్పుకునేది ఆర్ఎంఎస్ లెక్క, అంటే ఒకరకం సగటు, ఏసీని డీసీ చేసే డయోడ్ బ్రిడ్జి దాటాక ఛార్జ్ దాచుకునే కెపాసిటర్ మీద నిలిచేది 325 వోల్టుల డీసీ. 120 బోర్డులో అదే 170 దాకా వస్తుంది, అందుకని అక్కడ 200 వోల్టుల కెపాసిటర్ వేస్తారు. దాని మీద 325 పడ్డాక లోపల ఏం మిగిలిందో బయట కూర్చుని చెప్పడం ఎవరి తరమూ కాదు. పైగా ఫ్యూజ్ తెగినప్పుడు ఆ కెపాసిటర్లో ఛార్జ్ ఉండిపోవచ్చు. మా ఇంట్లో ఆర్‌సీసీబీ (షాక్ కొడితే కరెంటు కట్ చేసే స్విచ్) ఉందండీ అంటారు, ప్లగ్గు పీకేశాక కెపాసిటర్ నుంచి కొట్టే షాక్‌కి ఆర్‌సీసీబీ ఏం చేస్తుంది? యాంప్లిఫయర్ కిట్టు అంటే ట్రాన్స్‌ఫార్మర్ దాటిన తర్వాతి పన్నెండు వోల్టుల ఆట. ఇది ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇవతలి వైపు వ్యవహారం. రెండూ ఒకటి కావు.

కోఠి_పోరడు:
సార్ మీరు పెద్దోళ్ళు, గౌరవం ఉంది. కానీ ప్లగ్గు తీసినంక మీటర్ పెట్టి చూస్తే తెలుస్తది కద ఎంత ఉందో. డీసీ 600 రేంజిల పెట్టి కెపాసిటర్ రెండు కాళ్ళ మీద చూడు, ఉంటే పాత ఫిలమెంట్ బల్బు హోల్డర్ వైర్లు తాకించు, దిగిపోతది, మల్ల మీటర్ పెట్టి జీరో చూసుకో. స్క్రూడ్రైవర్ తోని షార్ట్ కొట్టుడు మాత్రం వద్దు, మొన కాలుతది, కండ్లల్ల పడ్తది. గిది రాకెట్ సైన్స్ కాదు, జాగ్రత్త పని.

ఫ్లాట్_రెస్పాన్స్:
షాక్ సంగతి మీరిద్దరూ తేల్చుకోండి గానీ నా అభ్యంతరం వేరు. ఆ రేటు స్పీకర్లో మీరు డబ్బులు పెట్టింది డబ్బాకి. అది గాలి చొరబడని పెట్టె, లోపల గాలి బిగుతునీ ఆ డ్రైవర్‌నీ కలిపి కొలిచి డీఎస్పీ (సౌండ్‌ని సరిచేసే చిప్) ట్యూన్ చేస్తారు. మీరు జిగురు ఊడబెరికి, గాస్కెట్ చించి, మళ్ళీ ఫెవిక్విక్ పెట్టి మూస్తే పాట వస్తుంది, కాదనను, కానీ బాస్ దగ్గర బుస్సుమని గాలి లీకవుతుంది, అప్పుడు రెండు వేల స్పీకర్‌కీ దీనికీ తేడా ఏముంటుంది? కరెంటు బోర్డు బాగుచేయడం ఈ పనిలో సులువైన సగం అని నా అభిప్రాయం. మూయడమే కష్టం. దాని గురించి ఇక్కడ ఒక్కరూ మాట్లాడట్లేదు.

మైక్‌సెట్_మావయ్య:
బాగా చెప్పారండి, మూయడం తెలియనోడు విప్పకూడదు. మేం పెళ్ళిళ్ళ సెట్లు విప్పుతాం మూస్తాం, అవి చెక్క డబ్బాలు, స్క్రూలు కనబడుతూ ఉంటాయి. ఈ ఖరీదైనవాటికి స్క్రూలు రబ్బరు కాళ్ళ కింద దాస్తారు, బట్ట జాలీ కింద దాస్తారు, కనబడలేదని ఉలి పెట్టి లేపితే ప్లాస్టిక్ లాకులు విరుగుతాయి. హెయిర్ డ్రయ్యర్‌తో అంచులు వెచ్చజేసి పల్చటి ప్లాస్టిక్ ముక్క జొనపండి. మూసేటప్పుడు ఫెవిక్విక్ జోలికెళ్ళొద్దు, సన్నటి ఫోమ్ టేపు వేసి స్క్రూలు ఎదురెదురుగా బిగించుకుంటూ రండి. ప్యాసివ్ రేడియేటర్ (వైర్లు లేకుండా లోపలి గాలికే ఊగే కోన్) ఉన్న మోడలైతే దాన్ని వేలితో నెమ్మదిగా లోపలికి నొక్కి చూడండి, అసలు స్పీకర్ కోన్ బయటికి పొంగి ఒక క్షణం అలా నిలబడాలి, వెంటనే జారిపోయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఇక బోర్డు సంగతికొస్తే రిపేరయ్యాక మొదటిసారి డైరెక్టుగా ప్లగ్గులో పెట్టొద్దు, వంద వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో (కరెంటు బల్బు దాటి బోర్డుకి వెళ్ళేలా) పెట్టి ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే బోర్డు బతికినట్టు, అలాగే భగభగ వెలుగుతూ ఉంటే లోపల ఇంకా షార్ట్ ఉన్నట్టు.

విశ్రాంత_ఏఈ:
మావయ్యగారూ ఒక్క నిమిషం. సిరీస్ బల్బు మామూలు 230 బోర్డుకి బంగారం లాంటి పద్ధతి. ఇక్కడ అలాగే పెడితే కొంప మునుగుతుంది. స్పీకర్ ఖాళీగా ఉన్నప్పుడు లాగేది నాలుగైదు వాట్లు, అంత తక్కువ కరెంటుకి బల్బు దగ్గర వోల్టేజీ పెద్దగా పడదు, మిగతాదంతా మళ్ళీ బోర్డు మీదికే వెళ్తుంది. కొత్త ఎంఓవీ కూడా పోతుంది. ముందు స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 110 చేసుకుని, దాని అవుట్‌పుట్‌లో సిరీస్ బల్బు పెట్టాలి. ఇంతమంది తెలిసినవాళ్ళున్న చోటే ఈ చిన్న విషయం జారిపోయింది, ఇంట్లో ఒక్కడే కూర్చుని చేసే కుర్రాడికి ఎవరు చెప్తారు? నా భయం ఇదే.

మైక్‌సెట్_మావయ్య:
నిజమేనండి, 110 వైపే పెట్టాలి. మాకు ఆ 120 సామాన్లు తగలవు కదా, అలవాటులో 230 లెక్కే చెప్పేశాను.

కోఠి_పోరడు:
సార్ గీ పాయింట్ మస్తు చెప్పిన్రు. కానీ చూడున్రి, మీరు చెప్పిన్రు, ఆయన విన్నడు, గిప్పుడు అన్నకు తెలిసింది. గట్లనే నేర్సుకుంటరు.

డాలస్_బావమరిది:
ఇక్కడ నుంచి ఒక టిప్. అమెరికాలో అమ్మే ప్రతి వైర్‌లెస్ వస్తువుకీ ఎఫ్‌సీసీ (ఇక్కడి ప్రభుత్వ కమ్యూనికేషన్ల సంస్థ) ఐడీ ఉంటుంది, స్టిక్కర్ మీదే ప్రింట్ అయి ఉంటుంది. ఎఫ్‌సీసీ సైట్‌లో ఆ నంబర్ కొడితే టెస్టింగ్‌కి ఇచ్చిన పేపర్లలో లోపలి ఫొటోలు చాలావాటికి దొరుకుతాయి. పవర్ బోర్డు విడిగా ఉందా, యాంప్‌తో కలిసి ఒకే బోర్డా, యాంటెన్నా వైర్లు ఎటు పోతున్నాయి, ఇవన్నీ ఒక్క స్క్రూ తియ్యకుండానే చూడొచ్చు. విప్పాలా వద్దా అని ఇంత కొట్టుకునే ముందు అది చూడండి బ్రో. పవర్ బోర్డు విడిగా ఉంటే మా ఓటు విప్పడానికే.

ఇంకోటి, పాతది ఇచ్చేస్తే డిస్కౌంట్ అన్నారట కదా. 2019లో సోనోస్ అనే స్పీకర్ల కంపెనీ ఇలాంటి స్కీమే పెట్టింది. పాత స్పీకర్ని రీసైకిల్ మోడ్‌లో పెడితే 30 శాతం తగ్గింపు, 21 రోజుల తర్వాత ఆ స్పీకర్ ఇక ఎవరికీ పనికిరాకుండా లాక్ అయిపోయేది, శుభ్రంగా పాడుతున్నది కూడా. జనం తిట్టిన తిట్లకి 2020 మార్చిలో దాన్ని ఎత్తేశారు. కాబట్టి డిస్కౌంట్ అనగానే చెయ్యి చాపకండి.

ఫ్లాట్_రెస్పాన్స్:
బాగున్నదాన్ని చంపించడం తప్పే, ఒప్పుకుంటా. కానీ ఇది కాలిపోయినది కదా, ఆ కథ దీనికి అతకదు. ఇండియాలో అమ్మని పీసుకి స్పేర్ పార్టులు ఇక్కడి సర్వీస్ సెంటర్ ఎక్కడినుంచి తెస్తుంది, వాళ్ళ వైపు కూడా కొంచెం ఆలోచించండి.

డాలస్_బావమరిది:
ఎందుకు ఆలోచించాలి? బోర్డు అదే, డబ్బా అదే, మారేది నాలుగు పార్టులు. పార్టు లేకపోతే సర్క్యూట్ బొమ్మ ఇవ్వొచ్చు, అదీ ఇవ్వరు. 2022 డిసెంబర్ 24న కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది, వ్యవసాయ పరికరాలు, ఫోన్లు ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలకి. వెళ్ళి చూడండి, ఫోన్ నంబర్లూ వారంటీ షరతులూ బాగానే పెట్టారు, మనకి కావాల్సిన బొమ్మ మాత్రం నాకు కనబడలేదు. ఇంట్లో విప్పడం సరదా కాదు సార్, వేరే దారి మూసేశారు కాబట్టి.

విశ్రాంత_ఏఈ:
దారి మూశారని చెయ్యి కాల్చుకుంటామా? ఊళ్ళో మంచి టీవీ మెకానిక్‌లు ఉన్నారు, ఎల్ఈడీ టీవీ పవర్ బోర్డులు రోజూ చేసేవాళ్ళు, వాళ్ళకి ఇది పది నిమిషాల పని. ఇంట్లో లేకపోతే కంపెనీలో అని మీరు రెండే దారులు ఎందుకు పెట్టుకున్నారో నాకర్థం కాదు.

రాజమండ్రి_రాగం:
టీవీ ఆయన దగ్గరికి వెళ్ళానండి. చూసి, వారం వదిలెయ్ అన్నాడు, డబ్బా విప్పడం నేను చెయ్యను బోర్డు తీసుకొచ్చి ఇస్తే చేస్తాను అన్నాడు. అంటే విప్పడం ఎలాగూ నా నెత్తినే పడింది. ఎఫ్‌సీసీ ఫొటోలు చూశాను, పవర్ బోర్డు విడిగానే ఉంది, ఆరు వైర్ల కనెక్టర్‌తో మెయిన్ బోర్డుకి వెళ్తోంది. ఇంకో డౌట్, ఎలాగూ విప్పుతున్నాం కదా, శాశ్వతంగా 230కి మార్చేయలేమా? ఆ బరువు ట్రాన్స్‌ఫార్మర్ షెల్ఫ్ మీద పెట్టుకోవడం ఇంట్లో ఒప్పుకోరు.

కోఠి_పోరడు:
మార్చొచ్చు. ఎంఓవీ 471 నంబర్ది ఎయ్యి, కెపాసిటర్ 200 వోల్టులది తీసి 400ది లేకుంటే 450ది ఎయ్యి, మాస్‌ఫెట్ (స్విచ్ లెక్క పనిచేసే ట్రాన్సిస్టర్) నంబర్ చూసి 650 వోల్టులది ఎయ్యి. ఒకటే పీసీబీల (పార్టులు అతికే బోర్డు) రెండు దేశాల పార్టులు పెట్టేటట్టు చేసే కంపెనీలు ఉంటయి, గట్లాంటిదైతే పని ఈజీ.

విశ్రాంత_ఏఈ:
450 వోల్టుల కెపాసిటర్ అదే కెపాసిటీలో (మైక్రోఫారడ్‌లో) అంత చిన్నగా ఉండదు నాయనా, ఆ చోట పట్టదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు 120 లెక్కకి చుట్టినవైతే మాస్‌ఫెట్ మారిస్తే సరిపోదు. ఒకే పీసీబీ అయినా అన్ని విలువలూ మీకు తెలియాలి. ఇది మాత్రం చేయకండి, ఈ ఒక్కటీ నా మాట వినండి. ఫ్యూజ్ బదులు రాగి తీగ కట్టడం కూడా. ఫ్యూజ్ మీద టీ2ఏఎల్ 250వీ అని ఉంటే అచ్చం అదే వేయాలి, ముందున్న టీ అంటే కాస్త ఓర్చుకుని తెగే రకం అని.

మైక్‌సెట్_మావయ్య:
ఆ లోపలి బోర్డుని పూర్తిగా వదిలేసి బయటినుంచి 24 వోల్టుల అడాప్టర్ ఇస్తే పోదా? కనెక్టర్ పక్కన పీసీబీ మీద వోల్టేజీలు రాసి ఉంటాయి. అప్పుడు 230 డబ్బా లోపలికే రాదు, ఏఈ గారికీ నిద్ర పడుతుంది.

విశ్రాంత_ఏఈ:
అదైతే నాకూ నచ్చింది. ఆరు వైర్లన్నారు కాబట్టి అన్నీ 24, గ్రౌండ్ కాకపోవచ్చు, స్టాండ్‌బై కోసం 5 వోల్టులు వేరే ఉండొచ్చు, మెయిన్ బోర్డు నుంచి ఆన్ సిగ్నల్ వెనక్కి వచ్చే వైరు కూడా ఉండొచ్చు. గుర్తులు చూడకుండా ఊహించి కలపకండి. అడాప్టర్ మీద బీఐఎస్ (మన ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ తో మొదలయ్యే నంబర్ ఉన్నది కొనండి, స్పీకర్ ఫుల్ వాల్యూమ్‌లో లాగే వాట్ల కంటే ఎక్కువ ఇచ్చేది.

ఫ్లాట్_రెస్పాన్స్:
ఆ వైరు లోపలికి వెళ్ళడానికి డబ్బాకి బొక్క కొడతారన్నమాట. పాత కరెంటు వైరు వెళ్ళే కన్నంలోనే డీసీ సాకెట్ బిగించి చుట్టూ సిలికాన్ పట్టిస్తే నేను నోరు మూసుకుంటా. డ్రిల్ మాత్రం వద్దు. నా ఓటు ఇప్పటికీ స్టెప్ డౌన్‌కే, డబ్బా సాధ్యమైనంత తక్కువ ముట్టుకునే పద్ధతి అదే.

డాలస్_బావమరిది:
స్టెప్ డౌన్ కొంటే బరువైన ఇనప కోర్‌దే కొనండి, స్టిక్కర్ మీద 60 వాట్లుంటే 150 వీఏ (వాట్ల లాంటి కొలతే) పైన. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికపాటి ట్రావెల్ కన్వర్టర్లు ఉంటాయి, అవి వేవ్‌ని కోసి ఇస్తాయి, ఎలక్ట్రానిక్స్‌కి విషం.

రాజమండ్రి_రాగం:
60 హెర్ట్జ్ అని ఉంది కదా, మన 50తో ఇబ్బంది లేదా?

కోఠి_పోరడు:
ఎస్ఎంపీఎస్‌కి, అంటే గీ రకం పవర్ బోర్డుకి, ఏం ఫరక్ పడదు అన్నా. ముందు బోర్డు బయటకు తీసి, కెపాసిటర్ జీరో అయిందని మీటర్ల చూసుకొని, రెండు దిక్కుల ఫొటోలు పెట్టు. ఫ్లాష్ బంద్ చేసి వెలుతురుల తియ్యి, ఫ్యూజ్ దగ్గర ఒకటి, ఆరు వైర్ల కనెక్టర్ దగ్గర ఒకటి దగ్గరికెళ్ళి. మాస్‌ఫెట్ డ్రెయిన్, సోర్స్ కాళ్ళ మధ్యల మీటర్ బీప్ కొడ్తుందా (అంటే షార్ట్ ఉందా) చూసి గది గూడ రాయి. బీప్ రాకుంటే ఫ్యూజ్, ఎంఓవీ తోనే అయిపోతదేమో, వస్తే మావయ్య చెప్పిన అడాప్టర్ లైన్‌కి పోదం.