రేన్‌హామ్ హాల్ మెట్ల ఫొటో: దెయ్యమా, కెమెరా చేసిన పనా?

పాతనెగటివ్:
ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో రేన్‌హామ్ హాల్ అనే పాత భవంతి ఉంది. 1936 సెప్టెంబరు 19న ఇద్దరు ఫొటోగ్రాఫర్లు అక్కడి మెట్లను ఫొటో తీస్తే, ముసుగు వేసుకున్న తెల్లటి ఆకారం కిందికి దిగుతున్నట్టు పడింది. ఆ డిసెంబరులోనే ‘కంట్రీ లైఫ్’ పత్రిక దాన్ని అచ్చువేసింది. ఆ ఇంటి కోడలు, 1726లో చనిపోయిన డొరొతీ వాల్పోల్ ఆత్మే అదని ఎప్పటినుంచో చెప్పుకుంటున్నారు. దెయ్యాల కేసులు తవ్వి తీసే హ్యారీ ప్రైస్ కూడా నెగటివ్‌లో మోసం లేదన్నాడు. ఇంకా ఎందుకు నమ్మకూడదో చెప్పండి.

చీకటిగది:
నెగటివ్‌ను ఎవరూ దిద్దలేదంటే, తర్వాత దాని జోలికి ఎవరూ పోలేదని మాత్రమే అర్థం. ఫొటో తీసేటప్పుడే తేడా జరిగి ఉంటే? 1891లో ఇంగ్లండ్‌లోనే కంబర్మీర్ అబ్బే అనే భవంతిలో తీసిన లైబ్రరీ ఫొటో చూడండి. ఖాళీ కుర్చీలో మనిషి కూర్చున్నట్టు మసకగా కనిపిస్తుంది. ఆ ఇంటి యజమాని అంత్యక్రియలు సరిగ్గా అదే సమయంలో జరుగుతున్నాయి కాబట్టి ఆయనే వచ్చాడన్నారు. కానీ లెన్సు దాదాపు గంటసేపు తెరిచే ఉంది! ఎవరైనా కాసేపు కూర్చుని లేచి వెళ్తే చాలు. కూర్చున్నంతసేపు మనిషి మీది వెలుతురు ప్లేటు (కెమెరాలో ఫిల్ములా పనిచేసే గాజుపలక) మీద పడుతుంది, వెళ్లాక వెనకున్న కుర్చీ వెలుతురు అక్కడే పడుతుంది. అందుకే మనిషిలోంచి కుర్చీ కనిపిస్తుంది. ఇందులో మోసం అక్కర్లేదు, నెగటివ్ కూడా శుభ్రంగానే ఉంటుంది.

మేడమెట్లు:
అది గంట ఎక్స్‌పోజర్ అండీ, అంటే ప్లేటు మీద గంటసేపు వెలుతురు పడింది. రేన్‌హామ్‌లో వాడింది ఫ్లాష్, రెప్పపాటు వెలుగు. పైగా ఆ ఇద్దరిలో ఒకాయన, పొగలాంటి ఆకారం మెట్లు దిగడం కళ్లారా చూసి, వెంటనే తీయమని అరిచాడు. దానికేమంటారు?

చీకటిగది:
మంచి ప్రశ్న. ఆ అరుపు విని లెన్సు మూత తీసిన రెండో ఆయన తల కెమెరా మీద కప్పే నల్లగుడ్డ కింద ఉంది, ఆయనకు ఏమీ కనబడలేదు. అంటే కళ్లారా చూసింది ఒక్కరే. ఇక ఫొటోలో మెట్ల అంచుల దగ్గర గీతలు రెండేసి ఉన్నట్టున్నాయని పరిశీలించినవాళ్లు చెప్పారు. ఒకే ప్లేటు మీద రెండు ఎక్స్‌పోజర్లు పడి, మధ్యలో కెమెరా కాస్త కదిలితే అలాగే వస్తుంది. మెట్లు కూడా దెయ్యమై కదిలాయని అనలేం కదా!

గ్రీన్‌విచ్‌అభిమాని:
మరి 1966లో లండన్‌లోని గ్రీన్‌విచ్ క్వీన్స్ హౌస్‌లో ట్యూలిప్ మెట్ల ఫొటో? కెనడా నుంచి వచ్చిన పాస్టర్ గారు ఎవరూ లేని మెట్లను తీస్తే, రైలింగ్ పట్టుకుని ఎక్కుతున్న ఆకారం పడింది. ఫిల్ము తయారుచేసే కొడాక్ కంపెనీ వాళ్లు కూడా నెగటివ్‌ను ఎవరూ తారుమారు చేయలేదన్నారు.

చీకటిగది:
అక్కడ ఎక్స్‌పోజర్ కొన్ని సెకన్లు. మెట్లెక్కే మనిషి ఒక్క క్షణం ఆగితే చేయి స్పష్టంగా, ఒళ్లు పొగలా పడుతుంది. రైలింగ్ మీది చేతులే స్పష్టంగా ఉండటం నాకు ఆ ఫొటోలో అన్నిటికంటే పెద్ద ఆధారం.

పాతనెగటివ్:
తీసినవాళ్లు అబద్ధమాడారని మీరు అనలేదు, అది నాకు నచ్చింది. కానీ రేన్‌హామ్‌లో రెండో ఎక్స్‌పోజర్ పడిందంటే, అందులోని ఆకారం ఎక్కడిదో కూడా చూపించాలి. అది తేలేవరకు నేను వెనక్కి తగ్గను.

చీకటిగది:
న్యాయమైన మాట. కొందరు మేరీమాత విగ్రహం అంటారు, కొందరు లెన్సు మీద జిడ్డు అంటారు. నాకు ఏదీ పూర్తిగా రుజువైనట్టు అనిపించదు. అయినా ఆ ఖాళీలో డొరొతీని కూర్చోబెట్టడానికి ఆ గీతలు ఒప్పుకోవు. ముందు వాటి సంగతి తేల్చండి.