ఊరికి పంపే డబ్బు: కనుమ నాటి మెడికల్ క్యాంపుకా, ఆశా వర్కర్ల ట్రైనింగ్‌కా?

మడకశిర మిత్ర · శుక్రవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉంటున్న మన మడకశిర, రొద్దం, పెనుకొండ వైపు వాళ్ళం ఈ ఏడాది 2,40,000 రూపాయలు పోగు చేశాం. ఆరేళ్ళుగా కనుమ నాడు ఊళ్ళో మెడికల్ క్యాంపు పెడుతున్నాం. ఈసారి క్యాంపు ఆపి, ఆ డబ్బుతో చుట్టుపక్కల ఊళ్ళ ఆశా వర్కర్లు 14 మందికి ట్రైనింగ్ ఇప్పిద్దామని కొందరు అంటున్నారు. నాలుగు విడతలు, విడతకు రెండు రోజులు, మండల కేంద్రంలో. చంటిపిల్లల సంరక్షణ, బీపీ, షుగరు, పాముకాటు నేర్పిస్తారు. భోజనం, బస్సు చార్జీ కాక మనిషికి రోజుకు 500 భత్యం. ఆదివారానికి తేల్చాలి. మీ మాట చెప్పండి.

రొద్దం కుర్రోడు · 9:32

నేను ఒప్పుకోను. మా నాన్నకు కంట్లో శుక్లం ఉందని తేలింది మన క్యాంపులోనే. అప్పటిదాకా వయసు మీద పడి చూపు తగ్గిందని ఊరుకున్నాం. ఇప్పుడు ఆయన పొద్దున్నే పేపర్ చదువుతున్నాడు. క్యాంపు అంటే కళ్ళ ముందు కనిపించే పని. ఇక భత్యం లెక్క చూడండి. 14 మంది, 8 రోజులు, 500. మొత్తం 56,000. నేర్చుకునేవాళ్ళకు ఎదురు డబ్బులిస్తారా ఎక్కడైనా? ప్రభుత్వం నెలకు 10,000 ఇస్తూనే ఉంది కదా.

గోరంట్ల అన్న · 9:40

క్యాంపు ఉండాలి. కనుమ వస్తోందంటే ముసలివాళ్ళు ఎదురుచూస్తారు.

ఆశమ్మ కూతురు · 10:15

మా అమ్మ 2007 నుంచి ఆశా. నేను ఇక్కడ బన్నేరుఘట్ట రోడ్డులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా. ఆ 10,000 గురించి ఒక మాట. అది 2019లో వచ్చింది. అమ్మ చేరినప్పుడు జీతమనేదే లేదు, చేసిన పనికి ఇంత అని ఇచ్చేవాళ్ళు. మొదట్లో 23 రోజుల ట్రైనింగ్ విడతలుగా జరిగేది. చెనిక్కాయలు ఒలిచే కూలి వదులుకుని వెళ్ళేది అమ్మ. ఆ పూట ఇంట్లో మాకు వండేది నేనే, అప్పుడు నాకు పదేళ్ళు.

ఇక పని సంగతి. ఆసుపత్రిలో కాన్పయి ఇంటికి వచ్చిన బాలింత దగ్గరికి ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్ళాలి. బిడ్డను తూకం వేయాలి, ఒంటి వేడి చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి. మన క్యాంపు ఏడాదికి ఒక్క రోజు. ఆ రోజు పుట్టి నాలుగు రోజులైన పిల్ల ఊళ్ళో ఉంటే అది దాని అదృష్టం. చేలో పాము కరిస్తే ఇప్పటికీ తాడుతో బిగించి కడుతున్నారు, బ్లేడుతో కోస్తున్నారు. కాలు కదలకుండా పెట్టి తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలని ఆ క్షణంలో చెప్పడానికి ఊళ్ళో ఉండేది ఆశా ఒక్కతే.

హెబ్బాళ డాక్టర్ · 10:50

గత రెండేళ్ళు క్యాంపులో కూర్చున్నది నేనే. ఒక పెద్దాయనకు రెండేళ్ళూ పై బీపీ 180 దాటే ఉంది. మొదటి ఏడాది నెలకు సరిపడా మాత్రలిచ్చి, అయిపోగానే పీహెచ్‌సీకి వెళ్ళమని రాసిచ్చాను. ఆయన వెళ్ళలేదు. తలనొప్పి తగ్గిందని మాత్రలు ఆపేశాడు. మధ్యలో 11 నెలలు ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. కాబట్టి క్యాంపు గొప్పదని నేను చెప్పలేను.

కానీ ఆశాల చేతికి బీపీ మిషన్ ఇచ్చి ఎనిమిది రోజుల క్లాసుతో వదిలేయడం నాకు భయంగా ఉంది. ఊళ్ళలో ఆర్ఎంపీలు జ్వరం రాగానే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడుస్తున్నారు, అది ఆపలేకపోతున్నాం. మనం ఇంకో రకం సగం డాక్టర్లను తయారు చేయకూడదు.

ఆశమ్మ కూతురు · 11:05

డాక్టరు గారూ, బీపీ చూసి పైకి పంపడానికి, ఇంజెక్షన్ పొడవడానికి తేడా లేదా? ఆశా దగ్గర ఓఆర్ఎస్, పారాసెటమాల్, ఐరన్ మాత్రలు ఉంటాయి. విరేచనాల పిల్లకు ఓఆర్ఎస్‌తో పాటు జింకు 14 రోజులు ఇవ్వాలని మా అమ్మ చెప్తుంది. ఎంతమంది ఆర్ఎంపీలు చెప్తారు?

హెబ్బాళ డాక్టర్ · 11:20

నేను మీ అమ్మగారిని తక్కువ చేయలేదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ అనే డాక్టర్ దంపతులు ఊరి ఆడవాళ్ళకు చంటిపిల్లల వైద్యం నేర్పారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ పిల్లలకు ఇంజెక్షన్ కూడా ఆ ఆడవాళ్ళే ఇచ్చారు. కానీ అక్కడ పై వాళ్ళు ఊళ్ళోకి వచ్చి పని చూసేవాళ్ళు, తప్పు దిద్దేవాళ్ళు. మనం కాగితం మీద పెట్టిన దాంట్లో అది లేదు. క్లాసు అయ్యాక చూసేదెవరు?

సర్జాపుర చెల్లి · 11:24

ఫోన్‌లో వీడియోలు పంపితే సరిపోదా? ఖర్చు తగ్గుతుంది.

బళ్ళారి బాబాయి · 11:41

వీడియో తోడుగా ఉండొచ్చు, అదే గురువు కాలేదమ్మా. 1980లలో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు మా బళ్ళారి జిల్లాలో పీహెచ్‌సీ డాక్టర్లకు, హెల్త్ వర్కర్లకు మానసిక జబ్బులు గుర్తుపట్టడం నేర్పారు. ఆ పద్ధతే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అయింది. మా చిన్నాన్నకు దయ్యం పట్టిందని మూడేళ్ళు గుళ్ళచుట్టూ తిప్పాం. ఇది జబ్బు, మందుంది అని మొదట చెప్పింది ఇంటికి వచ్చిన హెల్త్ వర్కరే. ఆమె వాకిట్లో కూర్చుని మా నాయనమ్మతో గంటసేపు మాట్లాడింది. నేను ట్రైనింగ్ వైపే.

రొద్దం కుర్రోడు · 11:58

ఎవరూ నా ప్రశ్నకు జవాబివ్వలేదు. 56,000 ఎందుకు? ఆ డబ్బుతో ఎంతమందికి కళ్ళద్దాలు వస్తాయో లెక్క వేశారా?

ఆశమ్మ కూతురు · శనివారం, రాత్రి 12:10

మీ ఆఫీసు మిమ్మల్ని రెండు రోజులు ట్రైనింగ్‌కి పంపితే ఆ రెండు రోజుల జీతం కోస్తుందా? హోటల్లో భోజనం పెట్టి మరీ నేర్పుతారు కదా. ఊరి ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి 500 రూపాయలు మీకు అంత బరువైపోయిందా? అసలు ఒక ఆశా రోజు ఎలా గడుస్తుందో ఎప్పుడైనా చూశారా మీరు?

రొద్దం కుర్రోడు · 12:31

చూశాను. మీకంటే దగ్గర్నుంచి చూశాను.

మూడేళ్ళ క్రితం మా అక్కకు కొడుకు పుట్టాడు. రెండున్నర కిలోలు. ఆశా మూడో రోజు వచ్చింది, తూకం వేసింది, రాసుకుంది. మళ్ళీ ఏడో రోజు రావాలి. రాలేదు. ఎందుకు రాలేదో తెలుసా? మండలంలో ట్రైనింగ్. రెండు రోజులు. వాడు ఆరో రోజు నుంచి పాలు సరిగా పట్టలేదు. డొక్కలెగరేస్తుంటే జలుబు అనుకుని మా అమ్మ వాము కాచి కాపడం పెట్టింది. తొమ్మిదో రోజు హిందూపురం తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. పేరు కూడా పెట్టలేదు.

ఆమె తర్వాత మా ఇంటికి వచ్చి ఏడ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు. ట్రైనింగ్ అన్న మాట వింటేనే నాకు మండుతుంది. మీరు 14 మందిని 8 రోజులు ఊళ్ళలోంచి లాగేస్తామంటున్నారు. ఆ 8 రోజులు ఊళ్ళో ఎవరుంటారు?

గోరంట్ల అన్న · 12:40

తమ్ముడూ, ఈ సంగతి మాకెవరికీ తెలియదు.

ఆశమ్మ కూతురు · ఉదయం 6:45

రాత్రి నిద్ర పట్టలేదు. నేను అన్న ఆ చివరి మాట వెనక్కి తీసుకుంటున్నా అన్నా, క్షమించండి.

పొద్దున్నే అమ్మకు ఫోన్ చేశాను. ట్రైనింగ్ రోజుల్లో నీ బదులు ఎవరు చూస్తారు అని అడిగితే ఎవరూ లేరంది. ఏఎన్ఎం అక్కకు నాలుగు ఊళ్ళున్నాయి. ఏడో రోజు విజిట్ ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో చేసి, రిజిస్టర్లో ఏడనే రాసిన సందర్భాలు తనకూ ఉన్నాయని చెప్పింది. ఇంకో మాట కూడా అడిగాను. నువ్వు బిడ్డ ఊపిరి లెక్కపెడుతుంటే పక్కన నిలబడి చూసినవాళ్ళెవరైనా ఉన్నారా అని. ఆరేళ్ళ క్రితం ఒకసారి అంది. లెక్క మాత్రం మర్చిపోలేదు. రెండు నెలల లోపు బిడ్డకు ఊపిరి నిమిషానికి 60 సార్లు గానీ ఆ పైన గానీ ఉంటే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఏడుస్తున్నప్పుడు కాకుండా, నెమ్మదిగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టాలి.

మండలానికి ఎవరినీ పిలవొద్దు. నేర్పేవాళ్ళే ఊరికి వెళ్ళాలి. ఆశాతో కలిసి ఇళ్ళకు తిరగాలి. సెలవు పెట్టి నేను నాలుగు ఊళ్ళు తిరుగుతాను.

హెబ్బాళ డాక్టర్ · 7:30

ఇలాగైతే నా అభ్యంతరం చాలావరకు పోతుంది. బిడ్డ ముందు నిలబడి నేర్పడం, మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళి చూడడం. నెలకు ఒక ఆదివారం నేనూ వస్తాను. కానీ 14 ఊళ్ళంటే చాలా రోజులు పడుతుంది, ముందు ఐదు ఊళ్ళు చూద్దాం. బీపీ చూడడం నేర్పుదాం, మాత్ర మార్చడం మాత్రం పీహెచ్‌సీ డాక్టరే చేయాలి. దీని మీద నేను తగ్గను.

పావగడ పక్కోడు · 7:52

మాది కర్ణాటక. మా ఆశాలకు పుస్తకం కన్నడంలో, ఇళ్ళలో మాట తెలుగులో. మీరు మడకశిర దాకా వస్తే మా రెండు ఊళ్ళను కూడా కలపండి.

రొద్దం కుర్రోడు · 8:40

ఊరికి వెళ్ళి నేర్పితే నేను అడ్డు చెప్పను. కానీ ఆ 60 లెక్క ఆశాకు మాత్రమే ఎందుకు? మా అక్కకు ఎవరూ చెప్పలేదు. ఏడుగురిని పెంచిన మా అమ్మకు తెలియదు. ఆశా వచ్చినా రాకపోయినా ఇంట్లో రాత్రంతా బిడ్డ పక్కన ఉండేది వాళ్ళే కదా. పాలు తాగకపోయినా, డొక్కలెగరేసినా, ఒళ్ళు చల్లబడినా, కాలినా ఇంటివైద్యం చేయకుండా 108కి ఫోన్ చేయమని అత్తకూ కోడలికీ కలిపి కూర్చోబెట్టి చెప్పాలి. అది కూడా పెడితేనే నా వాటా డబ్బు.

ఆశమ్మ కూతురు · 8:55

పెడదాం. అది నాకు తట్టనే లేదు. 500 సంగతి మాత్రం నేను వదలను. ఇళ్ళకు తిరిగేది ఆమె పనే అయినా, మన కోసం రెండు రోజులు అదనంగా తిరుగుతుంది.

మడకశిర మిత్ర · 10:05

ఐదు ఊళ్ళలో ఇళ్ళ దగ్గర నేర్పడం, మిగిలిన డబ్బుతో కంటి పరీక్షలకే చిన్న క్యాంపు. లెక్క రాసి సాయంత్రం పెడతాను. భత్యం మీద రేపు చేతులెత్తించి తేలుద్దాం. మొదట ఏ ఊరో చెప్పండి.

రొద్దం కుర్రోడు · ఆదివారం, ఉదయం 7:20

నిన్న సాయంత్రం బస్సుకు ఊరికి వచ్చాను. అక్కతో మాట్లాడాను. మా ఇంటి వాకిట్లోనే మొదలుపెట్టమంది. తనూ కూర్చుంటానంది. పక్కింట్లో 12 రోజుల పాప ఉంది. 500కి మాత్రం నా చెయ్యి లేవదు.