చిమ్నీ ఫుల్ స్పీడ్‌లో ఉన్నా ఘాటు పోవట్లేదు, పైగా బాత్‌రూమ్‌లోంచి డ్రైనేజీ వాసన. మోటారు మార్చాలా?

నిజాంపేట_ఫ్లాట్:
అందరికీ నమస్తే అండి. మాది నిజాంపేట్‌లో డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్, నాలుగో ఫ్లోర్, లోపల వెయ్యి అడుగులు ఉంటుంది. గృహప్రవేశం అప్పుడే చిమ్నీ పెట్టించాం, 1200 సక్షన్ అని రాసుంది, బఫిల్ ఫిల్టర్‌ది (జాలీ బదులు వంపు తిరిగిన స్టీలు పట్టీలుంటాయి), ఆటో క్లీన్ కూడా ఉంది. మొదట్లో చాలా బాగా పీల్చేది, ఇప్పుడు పోపులో ఎండుమిర్చి వేశానంటే చాలు బెడ్రూమ్‌లో ఉన్న మా అత్తయ్యగారికి దగ్గు, ఆవిడకి ఆయాసం ఉంది కాబట్టి నాకు భయంగా ఉంటోంది. సౌండ్ మాత్రం ముందుకంటే ఎక్కువే వస్తోంది. సర్వీస్ వాళ్ళకి ఫోన్ చేస్తే ఒకబ్బాయి వచ్చి రెండు నిమిషాలు ఆన్ చేసి చూసి మోటారు వీక్ అయిపోయింది మేడమ్, 4,500 అవుతుంది అని చెప్పి వెళ్ళాడు, పైపు వైపు చూడనే లేదు.

ఇంకోటి, చిమ్నీ హైలో పెట్టినప్పుడల్లా కామన్ బాత్‌రూమ్‌లోంచి డ్రైనేజీ కంపు వస్తోంది, ఆపేస్తే కాసేపటికి తగ్గిపోతుంది. ఆ బాత్‌రూమ్ చుట్టాలొస్తే తప్ప వాడం. దానికీ దీనికీ సంబంధం లేదంటారు మావారు, నాకైతే ఉందనే అనిపిస్తోంది. దోమల వల్ల సాయంత్రం అయితే కిటికీలన్నీ మూసేస్తాం. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్, మోటారు మార్పించేయమంటారా?

డక్ట్_మేస్త్రి:
మేడమ్ మోటారు జోలికి వెళ్ళకండి అప్పుడే. సౌండ్ పెరిగి సక్షన్ తగ్గింది అన్నారంటే మోటారు తిరుగుతోంది, గాలి పోయే దారే మూసుకుపోయింది అని అర్థం. నిజంగా స్లో అయినా ముందు కెపాసిటర్ చూడాలి, మోటారుకి ఊపునిచ్చే చిన్న భాగం అది, చిన్న ఖర్చు. టెస్ట్ చెప్తా, ప్లగ్ తీసేసి చిమ్నీ నెత్తిమీద పైపు తగిలించిన చోట క్లాంపు లూజ్ చేసి పైపు పక్కకి తీయండి, తర్వాత ఆన్ చేసి ఫిల్టర్ కింద పేపరు పెట్టండి, అప్పుడు పేపరు టపీమని అతుక్కుంటే మీ మోటారు బంగారం, తప్పంతా పైపుదే. పైపు తీసినప్పుడు లోపల అర్ధచంద్రాకారంలో రెండు ప్లాస్టిక్ రెక్కలు కనిపిస్తాయి, బయటిగాలి వెనక్కి రాకుండా పెట్టేవి, జిడ్డు పట్టి అవి సగంలోనే అతుక్కుపోతుంటాయి, వేలితో కదిపి చూడండి.

బయట గోడ దగ్గర కూడా చూడాలి. హైదరాబాద్‌లో నేను చూసిన ఇళ్ళల్లో సగం ఇదే కథ, చిమ్నీకి 6 ఇంచుల నోరు ఉంటుంది, గోడకి బిల్డరు వదిలిన కన్నం 4 ఇంచులు ఉంటుంది, ఫిట్టింగ్ అబ్బాయి రెడ్యూసర్ (పెద్ద పైపుని చిన్నదానికి కలిపే ముక్క) వేసి అందులోకి దూర్చేస్తాడు. రెండు ఇంచులే కదా అనుకోకండి, దారి సగం కూడా మిగలదు, నూటికి 44 వంతులే. ఆపైన పావురాలు దూరకుండా అని చివర దోమల జాలీ కట్టేస్తారు, ఆ సన్న జాలీకి నూనె ఆవిరి తగిలి తగిలి అట్ట కట్టేస్తుంది. పైపులో వంపులు ఎన్ని ఉంటే అంత సక్షన్ పోతుంది, ముడతల ఫ్లెక్సిబుల్ పైపు అయితే పూర్తిగా సాగదీసి ఉండాలి, వేలాడుతూ ఉండకూడదు, వేలాడే చోటే జిడ్డు నిలుస్తుంది. ఆటో క్లీన్ అంటే లోపల ఫ్యాన్ దగ్గరి జిడ్డు కరిగించి కింద ఉండే నూనె కప్పులోకి దింపడమే, పైపుని అది ముట్టుకోదు. జిడ్డు పైపు కింద పోపు మంట ఎగిసిందంటే అంటుకునే ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

గాలి_లెక్క:
మీ అనుమానమే కరెక్ట్ అండి, బాత్‌రూమ్ వాసనకీ చిమ్నీకీ సంబంధం ఉంది. ఒక్కసారి లెక్క చూడండి. వెయ్యి అడుగుల ఇల్లు, పది అడుగుల ఎత్తు అంటే ఇంట్లో ఉండే గాలి మొత్తం సుమారు 283 ఘనపు మీటర్లు. 1200 సక్షన్ అంటే గంటకి 1200 ఘనపు మీటర్లు, అంటే ఆ లెక్కన ఇంట్లో గాలంతా పావుగంటలో బయటికి పోవాలి. పైపు, వంపులు తగిలించాక నిజంగా అంత లాగదులెండి, అందులో సగమే అనుకున్నా అరగంట. మరి అంత గాలి పోతే అంత గాలి లోపలికి రావాలి కదా, కిటికీలన్నీ బిగించేస్తే ఎక్కడినుంచి వస్తుంది? మెయిన్ డోర్ సందులోంచి కొంచెం, మిగతాది బాత్‌రూమ్ డ్రెయిన్‌లోంచి.

నహానీ ట్రాప్‌లో, అంటే బాత్‌రూమ్ నేలమీద జాలీ కింద ఉండే గిన్నెలాంటి దాంట్లో, రెండు ఇంచుల నీళ్ళు నిలబడి ఉండాలి, ఆ నీళ్ళే డ్రైనేజీ గాలిని ఆపేది. వాడని బాత్‌రూమ్‌లో మన ఎండలకి అవి ఆవిరైపోతాయి, ఇక చిమ్నీ నేరుగా డ్రైనేజీ పైపులోంచే గాలి లాక్కుంటుంది. ఒక మగ్గు నీళ్ళు పోసి పైన రెండు చెంచాల వంటనూనె వేయండి, నూనె తెట్టు ఉంటే నీళ్ళు త్వరగా ఆరవు. వాష్‌బేసిన్‌లో, కమోడ్‌లో కూడా వారానికోసారి నీళ్ళు వదలండి. అలాగే వంట చేసేటప్పుడు ఒక కిటికీ నాలుగు వేళ్ళ మందం తెరిచి ఉంచాలి, దోమల జాలీ వేయించుకుంటే దోమల బాధా ఉండదు. కానీ స్టవ్ పక్క కిటికీ వద్దు, గాలి అక్కడే తిరిగి పొగని చిమ్నీకి అందకుండా చెదరగొడుతుంది. హాల్లో దూరంగా ఉండే కిటికీ తెరవండి, ఆ గాలి ఇల్లంతా దాటుకుంటూ వంటింట్లోకి వచ్చి పొగని పట్టుకుపోతుంది, అత్తయ్యగారి గది వైపు ఘాటు వెళ్ళదు.

బెజవాడ_వంటిల్లు:
పై ఇద్దరూ బాగా చెప్పారు, కడగడం గురించి నేను చెప్తా చెల్లీ. బఫిల్ ఫిల్టర్లు మన వంటలకి రెండు మూడు వారాలకోసారి కడగాల్సిందే, పూరీలు బజ్జీలు ఎక్కువైతే ఇంకా ముందే. పెద్ద టబ్బులో బాగా వేడినీళ్ళు, గుప్పెడు చాకలి సోడా, కాస్త గిన్నెల లిక్విడ్ వేసి అరగంట నాననిస్తే జిడ్డు పైకి తేలుతుంది, అప్పుడు బ్రష్‌తో గీతల్లో రుద్దితే చాలు. స్టీలు ఫిల్టర్లకే సుమా. మెష్ ఫిల్టర్లు అల్యూమినియంవి ఉంటాయి, వాటికి సోడా వద్దు, ఉత్త లిక్విడ్ వేడినీళ్ళే. యూట్యూబ్‌లో చూసి కాస్టిక్ సోడా పోస్తున్నారు కొందరు, అల్యూమినియం మీద పడితే బుసబుసా పొంగి నల్లబడి తినేస్తుంది, హైడ్రోజన్ గ్యాస్ కూడా వస్తుంది, చేతికి కంటికి తగిలితే ఇక చెప్పక్కర్లేదు. ఇంట్లో పిల్లలుంటే అసలు తేవద్దు. నూనె కప్పు నిండకముందే ఒంపేయి. స్టవ్ వెలిగించడానికి రెండు నిమిషాల ముందే చిమ్నీ ఆన్ చేసి, దించాక ఒక పది నిమిషాలు తిరగనియ్యి, పొగంతా వచ్చాక ఆన్ చేస్తే అది ఇల్లంతా పాకిపోయి ఉంటుంది. స్టవ్‌కి చిమ్నీకి మధ్య 26 నుంచి 30 ఇంచులు ఉందో లేదో టేపుతో కొలుచుకో.

ఇంకోమాట, గ్యాస్ వాసన వస్తే మాత్రం చిమ్నీ గానీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ గానీ స్విచ్ ముట్టుకోవద్దు. స్విచ్‌లో వచ్చే నిప్పురవ్వ చాలు. సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి తలుపులు కిటికీలు బార్లా తెరిచి బయటికొచ్చి గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయండి. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది, పైనున్న చిమ్నీ దాన్ని లాగుతుందనుకోవద్దు.

ఒట్టావా_మంచు:
ఇక్కడ కెనడాలో మా ఇంట్లో హెచ్‌ఆర్‌వీ అని ఒక పెట్టె ఉంటుంది, చలికి ఇల్లంతా బిగించేస్తారు కాబట్టి లోపలి గాలిని బయటికి పంపుతూ, ఆ వేడిని బయటినుంచి వచ్చే చల్లగాలికి అందించి లోపలికి వదులుతుంది. దీంట్లో కూడా గాలి_లెక్క గారు చెప్పిన సూత్రమే, పోయేదీ వచ్చేదీ సమానంగా ఉండాలి. రెండు మూడు నెలలకోసారి ఫిల్టర్లు కడగాలి, బయటి గాలి తీసుకునే జాలీ మీద మంచు, ఎండుటాకులు తీసేయాలి, కింద నీళ్ళు పోయే సన్న గొట్టం మూసుకోకుండా చూసుకోవాలి. ఇక్కడున్న మనవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, వంటింటి హుడ్‌ని, అంటే చిమ్నీని, హెచ్‌ఆర్‌వీ పైపుకి ఎప్పుడూ కలపకండి, నూనె జిడ్డు లోపల వేడి మార్చే కోర్‌కి పట్టిందంటే అది పనికిరాకుండా పోతుంది. హుడ్‌కి వేరే పైపు వేసి నేరుగా బయటికి పంపాలి.

నిజాంపేట_ఫ్లాట్:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి! మావారు ఆదివారం పైపు తీశారు, మేస్త్రి గారు చెప్పినట్టే పేపరు టక్కున అతుక్కుపోయింది. రెక్కల్లో ఒకటి అసలు కదల్లేదు, తేనెరంగు బంకలో ఇరుక్కుపోయి ఉంది. బయట జాలీ చూస్తే కన్నాలే కనబడట్లేదు, చెంచాతో గీరితే పొరలుగా ఊడి వచ్చింది. కన్నం మాత్రం 6 ఇంచులదే, బతికిపోయాం. అన్నీ కడిగి బిగించాక హాలు కిటికీ కొంచెం తెరిచి గోంగూర పచ్చడికి ఎండుమిర్చి వేయించాను, అత్తయ్యగారికి తెలియనేలేదు. ట్రాప్‌లో నీళ్ళు పోశాక కంపూ పోయింది. జాలీ మళ్ళీ అదే కట్టాలా? ఇంకో డౌట్, మా బెడ్రూమ్ బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంది, చిమ్నీ వల్ల దానికేమైనా ఇబ్బందా?

డక్ట్_మేస్త్రి:
సన్నజాలీ వద్దు మేడమ్, పావురం దూరనంత పెద్ద కన్నాల జాలీ గానీ, గాలి తగిలితే తెరుచుకుని ఆపితే పడిపోయే రెక్కల మూత (కౌల్) గానీ పెట్టండి, ఆర్నెల్లకోసారి తుడిస్తే సరిపోతుంది.

గీజర్ సంగతి మాత్రం ఈరోజే చూడండి. గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ లోపల ఉండకూడదు. మూసిన గదిలో గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు, స్నానం చేసే మనిషికి కళ్ళు తిరిగి పడిపోయేదాకా తెలియదు. కిటికీలు మూసి చిమ్నీ హైలో పెడితే డ్రైనేజీ గాలిని లాగినట్టే గీజర్ పొగని కూడా ఇంట్లోకి లాగుతుంది. బాల్కనీలోకో యుటిలిటీలోకో గోడ బయటికి మార్పించి నీళ్ళ పైపు ఒక్కటే లోపలికి తెప్పించుకోండి. మార్చేదాకా దాన్ని వాడకండి, బకెట్లో హీటర్‌తోనో స్టవ్ మీదో కాచుకోండి.