యజమానికి లోబడాలా, కింద పనిచేసేవాళ్ల తరఫున మాట్లాడాలా?

మాంబళం సూపర్‌వైజర్:
అందరికీ వందనాలు. చెన్నై టీ.నగర్‌లో ఒక బట్టల షాపులో చీరల ఫ్లోర్ చూసుకుంటాను. మా ఓనరు గారు విశ్వాసి. రోజూ షాపు తెరవగానే స్టాఫ్‌నంతా పిలిచి ప్రార్థన చేయిస్తారు. నా కింద ఉన్న ఆడపిల్లలు పొద్దున పదికి నిలబడితే, భోజనం టైము తప్ప, రాత్రి షట్టర్ దించేదాకా నిలబడే ఉంటారు. కౌంటర్ వెనక ఉండే స్టూళ్లను ఆడి సేల్ (తమిళ ఆడి నెలలో పెట్టే డిస్కౌంట్ అమ్మకాలు) ముందు గోడౌన్‌లో పడేయించారు. కస్టమర్ వచ్చేసరికి కూర్చుని ఉంటే మర్యాదగా ఉండదట. తమిళనాడులో 2021లో షాపుల చట్టాన్ని సవరించి, పనివాళ్లందరికీ కూర్చునే ఏర్పాటు ఉండి తీరాలని చేర్చారు. ఆ మాట ఆయనతో అందామనుకుంటే మా చర్చి సంఘ పెద్ద ఒకాయన బైబిల్లో కొలొస్సయులకు 3:22 చూపించారు. యజమానికి అన్ని విషయాల్లో లోబడాలి, ఎదురు మాట్లాడితే సాక్ష్యం పాడవుతుంది అన్నారు. మీరేమంటారు?

పెరంబూర్ బ్రదర్:
పెద్దాయన వాక్యమే చెప్పారు. తీతుకు 2:9 కూడా ఎదురు చెప్పొద్దనే అంటుంది. మనకు నచ్చిన విషయాల్లోనే లోబడితే అది విధేయత ఎలా అవుతుంది? ప్రార్థనలో పెట్టండి, దేవుడే ఆయన మనసు మారుస్తాడు. చట్టం, కంప్లైంటు అని మొదలుపెడితే షాపులో మిగతావాళ్ల ముందు దేవుని నామానికే అవమానం.

నెల్లూరు అమ్మాయి, ప్రస్తుతం అంబత్తూర్:
పెళ్లికి ముందు నేనూ అలాంటి షాపులో చేశాను. మధ్యాహ్నం మూడయ్యేసరికి పిక్కలు రాయిలా బిగిసిపోయేవి. ర్యాక్ కింద చెప్పులు విప్పేసి, ఒక కాలు ఎత్తి వెనక గోడకు ఆనించి, కాసేపటికి రెండో కాలు మార్చేవాళ్లం. బాత్రూమ్‌కి వెళ్లాలంటే సూపర్‌వైజర్‌ని అడగాలి కాబట్టి నీళ్లు తాగడమే మానేశాం. సూపర్‌వైజర్ అన్నా, ఓనరు ఎలాంటివాడో మాకు తెలిసేది కాదు. మాకు కనిపించేది మీరే.

ఆవడి టీచర్:
ఆ చెల్లి చివరి మాట దగ్గరే అసలు విషయం ఉంది. బ్రదర్, మీరు ఓనరుకు పనివాడు, ఆ పిల్లలకు పైవాడు. 3:22 మీకు వర్తిస్తే 4:1 కూడా మీకే వర్తిస్తుంది. అక్కడ పౌలు యజమానులకు ఏం చెప్పాడు? కిందివాళ్ల పట్ల న్యాయంగా, ధర్మంగా నడుచుకోండి, మీకూ పరలోకంలో యజమానుడు ఉన్నాడు అని. ఇది అధ్యాయం మారిన చోట పడింది కాబట్టి చాలామంది మూడో అధ్యాయంతో చదవడం ఆపేస్తారు. అసలు పౌలు రాసిన పత్రికలో, అంటే ఆ ఉత్తరంలో, అధ్యాయాలే లేవు. అవి 13వ శతాబ్దంలో పెట్టినవి. పౌలు రాసినప్పుడు ఆ రెండు మాటలూ ఒకే ఊపులో వచ్చాయి.

మీ జీతం ఆలస్యమైతే ఓర్చుకోండి, మిమ్మల్ని తిడితే సహించండి. అది మీ విధేయత. వేరేవాళ్ల కాళ్ల నొప్పిని వాళ్ల తరఫున మీరు ఓర్చుకోలేరు. పెరంబూర్ బ్రదర్, యాకోబు 5:4 చూడండి. పనివాళ్ల కూలి బిగబట్టినవాళ్ల మీద ఆ కూలే మొరపెడుతోంది అన్నాడు. ఆ మొర దేవుడికి వినిపిస్తున్నప్పుడు పక్కనే ఉన్న మనం వినకూడదా?

ఓనరు గారితో మాట్లాడేటప్పుడు, రూతు పరిగె ఏరుకున్న పొలం యజమాని బోయజు దగ్గర మొదలుపెట్టండి. రూతు గ్రంథం రెండో అధ్యాయం. ఆయన కూడా పొలానికి వస్తూనే పనివాళ్లను దేవుని పేరుతోనే పలకరించాడు. కానీ ఆ పొలంలో రూతు కాసేపు ఆగి కూర్చోవడానికి చోటుంది. దాహమైతే తాగడానికి కుండల్లో నీళ్లున్నాయి. భోజనం వేళ పరాయి దేశపు పిల్ల కోతవాళ్ల పక్కన కూర్చుని తింది. పొద్దుటి ప్రార్థన ఎక్కడిదో, ఆ కూర్చునే చోటూ అక్కడిదే.

వేపేరి షాపు:
నాది చిన్న రెడీమేడ్ షాపు. టీచర్ గారి వాక్యం కాదనను, కానీ ఓనరు బాధ కూడా వినండి. సేల్స్ పిల్ల కూర్చుని కనిపిస్తే కొందరు కస్టమర్లు ‘ఇక్కడ పట్టించుకునేవాళ్లే లేరు’ అని పక్క షాపుకు వెళ్లిపోతారు. నా కళ్లతో చూశాను. వాళ్లలో ఆదివారం మా పక్క బెంచీలో కూర్చునేవాళ్లూ ఉన్నారు. ముందు వాళ్లకు చెప్పండి.

ఆవడి టీచర్:
అది నిజమే, మా ఇంటి నుంచే మొదలుపెడతాను. పెళ్లి చీరలకు వెళ్తే రెండు గంటలు పరుపు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న పిల్లతో యాభై చీరలు విప్పించి, ఏదీ కొనకుండా లేచి వస్తాం. చట్టం కూడా కస్టమర్ ముందు కూర్చోమనలేదు. పనిలో వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలంది. గిరాకీ లేనప్పుడైనా మీ షాపులో కూర్చోనిస్తున్నారా?

వేపేరి షాపు:
ఒక స్టూలు ఉంది. ఇద్దరు పిల్లలున్నారు. ఇంకొకటి వేయిస్తాను.

పెరంబూర్ బ్రదర్:
4:1 సంగతి ఒప్పుకుంటాను. కానీ ఓనరు కాదంటే? లేబర్ ఆఫీసుకు వెళ్లడం మాత్రం నాకు ఇంకా మింగుడు పడటం లేదు.

మాంబళం సూపర్‌వైజర్:
అది తర్వాత చూద్దాం బ్రదర్. ముందు సోమవారం గిరాకీ పలచగా ఉన్నప్పుడు ఒక్కణ్నే ఆయన గదికి వెళ్లి అడుగుతాను. బాత్రూమ్‌కి అడగాలన్న రూలు పెట్టింది ఓనరు కాదు, నా ముందున్న సూపర్‌వైజర్. దాన్ని తీసేయడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. రేపటి నుంచి నా ఫ్లోర్‌లో ఆ రూలు ఉండదు.