పాత 100 మెగాబిట్ కార్డుకు డ్యూప్లెక్స్‌ను డ్రైవర్‌లో ఫిక్స్ చేయాలా, ఆటోకే వదిలేయాలా?

సర్వర్‌గది:
రియల్‌టెక్ 8139 చిప్ నెట్‌వర్క్ కార్డు ఉన్న ఒక పాత యంత్రం మా దగ్గర లినక్స్ మీద నడుస్తోంది. దాని బాధ్యత ఈ మధ్యే నాకు వచ్చింది. పింగ్ చేస్తే జవాబు వెంటనే వస్తుంది, ప్యాకెట్లేవీ పోవు. కానీ పెద్ద ఫైలు కాపీ చేయడం మొదలుపెట్టగానే వేగం పడిపోతుంది, కాసేపు పూర్తిగా ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. బూట్ స్క్రిప్టులో నాకు ముందున్నవారు రాసిన ఒక ఈథ్‌టూల్ (కార్డు సెట్టింగ్‌లు చూసే, మార్చే కమాండ్) పంక్తి కనిపించింది: వేగం 100, డ్యూప్లెక్స్ ఫుల్, ఆటో నెగోషియేషన్ ఆఫ్. అంటే రెండు దిశల్లోనూ ఒకేసారి డేటా నడవాలి, వేగమూ డ్యూప్లెక్సూ అవతలి పరికరంతో సంప్రదించి తేల్చుకోవద్దు అని. ఎందుకు రాశారో పక్కన కామెంట్ ఏదీ లేదు. స్విచ్ వేరే విభాగం అధీనంలో ఉంది. ఆ పోర్టు ఎలా సెట్ చేసి ఉందో నాకు తెలియదు. ఈ పంక్తిని ఉంచాలా, తీసేయాలా?

పోర్టు24:
తీసేయండి. మీరు చెప్పినవి రెండు చివరలా డ్యూప్లెక్స్ వేర్వేరుగా ఉన్నప్పుడు కనిపించే లక్షణాలు. ఆటో ఆఫ్ చేసిన కార్డు నెగోషియేషన్ పల్సులు పంపడం మానేస్తుంది. అవతల స్విచ్ ఆటోలో ఉంటే, తీగ మీద వచ్చే సిగ్నల్‌ను బట్టి వేగం 100 అని మాత్రం గుర్తుపడుతుంది. డ్యూప్లెక్స్ తెలుసుకునే మార్గం దానికి లేదు కాబట్టి ప్రమాణం ప్రకారం హాఫ్‌కు, అంటే ఒకసారికి ఒకే దిశకు, దిగుతుంది. ఆపై మీ కార్డు లైను ఖాళీగా ఉందో లేదో చూడకుండా పంపుతూ ఉంటుంది. స్విచ్ మాత్రం తాను పంపుతుండగా ఇటునుంచి ఏదైనా వస్తే దాన్ని కొలిజన్‌గా (ఢీకొనడంగా) లెక్కగట్టి, తన ఫ్రేమును (పంపుతున్న డేటా ముక్కను) మధ్యలో ఆపేస్తుంది. ఆ తెగిపోయిన ఫ్రేము మీ వైపు సీఆర్‌సీ తప్పుగా, అంటే చెడి వచ్చిన ఫ్రేముగా, నమోదవుతుంది, స్విచ్ వైపు లేట్ కొలిజన్లు (ఫ్రేము కొంత వెళ్లాక ఆలస్యంగా ఎదురైనవి) పెరుగుతాయి. పింగ్‌లో ఒక చిన్న ప్యాకెట్ వెళ్లాకే దాని జవాబు వస్తుంది గనుక రెండూ ఎదురుపడే సందర్భం దాదాపు రాదు. అందుకే పింగ్ చూసి లింకు బాగుందని అనుకోకూడదు.

రాగితీగ:
తొందరపడి తీసేయకండి. ఆ పంక్తి రాసినవారికి ఏదో కారణం ఉండి ఉంటుంది. ఆటో నెగోషియేషన్ 1995లో 802.3యూతో ఈథర్నెట్ ప్రమాణంలోకి వచ్చింది. ఆ తొలి పాఠాన్ని కొందరు తయారీదారులు ఒక రకంగా, మరికొందరు ఇంకో రకంగా అర్థం చేసుకున్నారు. వివాదాస్పదమైన భాగాలను 1998 నాటి ప్రమాణంలో సరిదిద్దాల్సి వచ్చింది. డీఈసీ 21143 చిప్ ఉన్న కార్డుల సంగతి చూడండి. ఒకే చిప్‌కు ఒక్కొక్కరు ఒక్కో రకం ట్రాన్సీవర్ (తీగ మీద సిగ్నల్ పంపి, అందుకునే భాగం) అమర్చేవారు, ఏ మీడియా (లింకు రకం) ఎంచుకోవాలో డ్రైవర్ తేల్చుకోలేకపోయేది. ఆ చిప్‌ను నడిపే లినక్స్ ట్యూలిప్ డ్రైవర్‌లో మీడియా రకాన్నీ ఫుల్ డ్యూప్లెక్స్‌నూ మాడ్యూల్ ఆప్షన్లుగా మనమే ఇచ్చే వీలు ఉంది. సర్వర్ అన్నాక రెండు వైపులా ఫిక్స్ చేయాలని మాకు నేర్పారు, నేనూ అదే నేర్పాను.

పోర్టు24:
వారు అడిగింది 8139 గురించి, 21143 గురించి కాదు. 8139లో ట్రాన్సీవర్ చిప్ లోపలే ఉంటుంది, ఎంచుకోవడానికి వేరే మీడియా లేదు. "రెండు వైపులా" అని మీరే రాశారు. రెండో వైపు ఎలా ఉందో తనకు తెలియదని వారు మొదటే చెప్పారు. సర్వర్‌గది గారూ, వాదన కంటే ముందు కౌంటర్లు చూడండి. ఆ చిప్‌ను లినక్స్‌లో నడిపే 8139టూ డ్రైవర్‌కు ఈథ్‌టూల్ గణాంకాలలో పనికొచ్చేవి పెద్దగా ఉండవు. ఐపీ లింక్ కమాండ్ చూపే వివరాలలో రిసీవ్ తప్పుల కింద సీఆర్‌సీ అంకె కనిపిస్తుంది. కాపీకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రాసి పెట్టుకోండి.

పాతబోర్డు:
ఇంకా పాతవాటికి ఈ ప్రశ్నే పుట్టదు. ఐఎస్‌ఏ (పాతకాలపు స్లాటు) రకం ఎన్‌ఈ2000 కార్డు 10 మెగాబిట్లే, నెగోషియేషన్ తెలియదు. స్విచ్ దాన్ని చూసి హాఫ్‌కు దిగితే అదే సరైన ఫలితం. అక్కడ డ్రైవర్‌కు చెప్పాల్సింది ఐ/ఓ చిరునామా. లినక్స్ డ్రైవర్ మాడ్యూల్‌కు అది ఇవ్వకపోతే లోడే కాదు. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టంలోనైతే ఆ కార్డుల ఈడీ డ్రైవర్‌ను 2021 నాటి 13.0లో తీసేశారు. 8139ను నడిపే ఆర్‌ఎల్ డ్రైవర్‌ను ఉంచారు.

రాగితీగ:
పోర్టు24 గారూ, కౌంటర్లు చూడమనడం తేలిక. నేను ఒక సంస్థలో పనిచేసినప్పుడు రాత్రి బ్యాకప్ తెల్లవారేసరికి ముగిసి ఉండాలి. నా యంత్రం, వారి పోర్టు రెండూ 100 ఫుల్‌గా ఫిక్స్ చేసి ఉండేవి, ఏ ఇబ్బందీ లేదు. ఒక వారాంతంలో నెట్‌వర్క్ విభాగం వారు పోర్టులన్నిటినీ ఆటోకు మార్చారు. నాకు ఒక్క మాట చెప్పలేదు. సోమవారం నివేదికలో "సర్వర్ కార్డు పాతది, మార్చాలి" అని రాశారు. ఆ నివేదిక మీద కార్డు కూడా మార్చారు, కొత్త కార్డుతోనూ బ్యాకప్ నత్తనడక నడిచింది. లేట్ కొలిజన్ల కౌంటర్ వారి స్విచ్‌లో ఉంది. నాకు చూపించమంటే భద్రతా నియమాలు ఒప్పుకోవన్నారు. ఆటో మంచిదని మీరు చెప్పే ప్రతి మాటా నాకు ఆ సోమవారాన్ని గుర్తుచేస్తుంది.

పోర్టు24:
నాకూ అలాంటి సోమవారాలు ఉన్నాయి, అయితే నేను కూర్చున్నది బల్లకు ఇటువైపు, స్విచ్‌లు చూసే విభాగంలో. సర్వర్ చూసేవారు ఎక్కడో చదివి కార్డును 100 ఫుల్‌కు ఫిక్స్ చేస్తారు, మాకు చెప్పరు, మర్నాడు "నెట్‌వర్క్ నెమ్మదిగా ఉంది" అని ఫిర్యాదు పెడతారు. తీగ మార్చాం, పోర్టు మార్చాం, చివరికి వారి బూట్ స్క్రిప్టులో సరిగ్గా ఇలాంటి పంక్తే దొరికింది. ఆ పంక్తిని సమర్థిస్తూ కొత్తగా బాధ్యత తీసుకున్నవారికి సలహా ఇవ్వడం బాధ్యతారాహిత్యం అని నేను స్పష్టంగా అంటున్నాను.

రాగితీగ:
బాధ్యతారాహిత్యం అనే మాట వెనక్కి తీసుకోండి. ఒకరి యంత్రం రాత్రంతా ఆగిపోయేలా చెప్పకుండా పోర్టు మార్చడాన్ని మీరు ఏమంటారు?

నెమ్మది:
ఇద్దరూ ఒక మధ్య మార్గాన్ని పట్టించుకోవడం లేదు. నెగోషియేషన్ ఆపకుండానే, కార్డు ప్రకటించే మోడ్‌ల జాబితాను కుదించవచ్చు. ఈథ్‌టూల్‌లో అడ్వర్టైజ్ విలువ హెక్సాలో 8 అని ఇస్తే 100 ఫుల్ ఒక్కటే ప్రకటిస్తుంది. పల్సులు వెళ్తూనే ఉంటాయి కాబట్టి ఆటోలో ఉన్న స్విచ్ దాన్ని చదువుకుని ఫుల్‌కే వస్తుంది. రాగితీగ గారికి కావలసిన కచ్చితమైన వేగమూ, పోర్టు24 గారికి కావలసిన నెగోషియేషనూ రెండూ దక్కుతాయి. అయితే అవతలి వైపు ఆటో ఆఫ్ చేసి ఉంటే ఇది ఫలించదు. ఇంకొక సంగతి: చాలా స్విచ్‌లలో ఆటో ఆఫ్ చేయగానే ఆటో ఎండీఐ-ఎక్స్ (తీగ మామూలుదైనా క్రాస్‌దైనా పోర్టే సర్దుకునే సౌకర్యం) కూడా పోతుంది. అంతవరకు ఏ తీగతోనైనా వచ్చిన లింకు, ఆపై సరైన రకం తీగ లేకపోతే అసలు రాకపోవచ్చు.

రాగితీగ:
నెమ్మది గారి ఉపాయం నాకు తెలుసు, మంచిదే. కానీ చివర్లో మీరే చెప్పారు, అవతల ఫిక్స్ చేసి ఉంటే ఫలించదని. నేను మొదటినుంచీ చెప్పదలచుకున్నది అదే, కోపంలో చెప్పలేకపోయాను. నేను ఫిక్స్ చేసి, వారు ఆటోలో ఉంటే లింకు చెడుతుంది. నేను ఆటోలో ఉండి, వారు ఫిక్స్ చేసినా అంతే చెడుతుంది. అప్పుడు హాఫ్‌కు దిగేది నా కార్డు. అంటే నేను ఏది ఎంచుకున్నా, అవతలి వైపు ఎలా ఉందో తెలియకపోతే నా ఎంపికకు విలువ లేదు. నాకు స్విచ్‌లోకి చూసే అనుమతి లేదు, మార్పు జరిగితే కబురు లేదు. చెడినప్పుడు మాత్రం నిందంతా నా కార్డుకే. నా దగ్గర మిగిలింది డ్రైవర్‌లోని ఆ ఒక్క పంక్తి. దాన్ని కూడా తీసేయమంటున్నారు.

పోర్టు24:
ఇది మీరు మొదటే రాసి ఉంటే వాదన వేరుగా సాగేది. రెండు సందర్భాలూ సమానంగా చెడతాయన్న మాట సాంకేతికంగా నిజం. కానీ ఏది ఎక్కువగా జరుగుతుందో చూడండి. స్విచ్ పాడై కొత్తది పెడితే, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పోర్టు ఆటోలో ఉంటుంది. తీగను పక్క పోర్టుకు మార్చినా అది ఎక్కువగా ఆటోలోనే ఉంటుంది. రాగి తీగ మీద గిగాబిట్‌కు నెగోషియేషన్ తప్పనిసరి కాబట్టి ఇప్పటి పరికరాలన్నీ దాన్ని సరిగ్గానే చేస్తాయి. ఫిక్స్ చేసిన లింకు నిలవాలంటే ఇద్దరు మనుషులు ఎప్పటికీ గుర్తుంచుకోవాలి. ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మారితే చాలు, అది చెడిపోతుంది. సర్వర్‌గది గారి యంత్రంలో జరిగింది అదే అయి ఉండవచ్చు.

రాగితీగ:
కొత్త స్విచ్‌లోకి పాత కాన్ఫిగరేషన్‌ను యథాతథంగా ఎక్కించేవారిని చాలామందిని చూశాను. అప్పుడు మీ ఫ్యాక్టరీ లెక్క పనిచేయదు. పోర్టు స్థితిని యంత్రం చూసేవారికి రాతపూర్వకంగా ఇవ్వడానికి మీ విభాగాలు ఎందుకు ఒప్పుకోవో దానికి జవాబు చెప్పండి.

పోర్టు24:
నా విభాగం ఇస్తుంది. మిగతావారు ఇవ్వకపోవడం తప్పే. ఆ తప్పును కార్డు మీద ఫిక్స్ చేసిన పంక్తి సరిచేయలేదు, అంతే నా మాట.

సర్వర్‌గది:
కౌంటర్లు చూశాను. యంత్రం ఖాళీగా ఉన్నంతసేపు సీఆర్‌సీ అంకె కదలలేదు. కాపీ మొదలైన వెంటనే పెరగడం మొదలైంది, ఆపగానే నిలిచింది. తర్వాత యంత్రం ముందే కూర్చుని, కన్సోల్ నుంచి ఆటోను ఆన్ చేశాను. లింకు ఒక్క క్షణం పోయి మళ్లీ వచ్చింది, దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో ఉండి ఉంటే భయపడేవాణ్ణి. ఇప్పుడు ఈథ్‌టూల్‌లో లింకు భాగస్వామి (అంటే స్విచ్) ప్రకటించిన మోడ్‌ల దగ్గర 10, 100 రెండింటికీ హాఫ్, ఫుల్ నాలుగూ కనిపిస్తున్నాయి, 100 ఫుల్ కుదిరింది. అదే ఫైలు ఆగకుండా వెళ్లింది, సీఆర్‌సీ అంకె కదలలేదు.

నెమ్మది:
ఆ జాబితా చూడటం మంచి పని చేశారు. భాగస్వామి వైపు 100 హాఫ్ ఒక్కటే కనిపించి ఉంటే, అవతల నెగోషియేషన్ ఆఫ్‌లో ఉందని దాదాపు తేల్చుకోవచ్చు. స్విచ్‌లోకి అనుమతి లేనివారికి అవతలి వైపు కనిపించే కిటికీ అదొక్కటే.

రాగితీగ:
ఈ రోజుకు పోర్టు ఆటోలో ఉందని తేలింది, సంతోషం. రేపు ఎవరైనా దాన్ని ఫిక్స్ చేస్తే మీ కార్డు చడీచప్పుడు లేకుండా హాఫ్‌కు దిగుతుంది. కనీసం బూట్ సమయంలోనూ, రోజుకు ఒకసారీ డ్యూప్లెక్స్ విలువ చదివి, అది హాఫ్ అయితే మీకు మెయిల్ పంపే చిన్న స్క్రిప్టు పెట్టుకోండి.

పోర్టు24:
ఆ స్క్రిప్టు విషయంలో రాగితీగ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. సీఆర్‌సీ అంకెను కూడా అందులో చేర్చండి.

సర్వర్‌గది:
పాత పంక్తిని తీసేసి, దాని స్థానంలో ఎందుకు తీశానో, భాగస్వామి వైపు ఏ మోడ్‌లు కనిపించాయో తేదీతో కామెంట్‌గా రాశాను. స్క్రిప్టు ఈ రోజే పెడతాను. ఈ పోర్టులో ఏ మార్పు చేసినా ముందుగా తెలియజేయమని స్విచ్ చూసే విభాగానికి మెయిల్ రాశాను, ప్రస్తుత సెట్టింగ్‌ను కూడా రాసి పంపమని అడిగాను.

రాగితీగ:
వారి జవాబు వచ్చాక ఇక్కడ రాయండి. రాకపోతే అదీ రాయండి.